కుక్కర్ విజిల్‌లో గీతాసారం

ఈ మధ్య మన ఇళ్ళలో పప్పు ఉడకడం వంట కిందికి రావడం లేదు. అది సందేశం. కందిపప్పు కుక్కర్లో వేసి మూత బిగించారో లేదో, హాల్లో ఒక పెద్దమనిషి సోఫాలో సర్దుకుని కూర్చుని, ఫోను తీసి, 'ఈరోజు మా వంటింట్లో భగవంతుడు నాకు నేర్పిన పాఠం' అని టైపు చేయడం మొదలుపెడతాడు. మీ ఫ్యామిలీ గ్రూపులోనూ ఇలాంటి వారొకరు ఉండే ఉంటారు. లేరంటే, ఏమీ అనుకోకండి, ఆ ఒక్కరూ మీరే.

మా గ్రూపులో ఈ బరువు మా బాబాయ్ మోస్తున్నాడు. ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ ఇంటి మొహం చూడని మనిషి. రిటైరయ్యాక ఇంట్లోనే ఉండాల్సి వచ్చేసరికి అక్కడ జరిగే ప్రతిదీ ఆయనకు వింతగా కనిపించడం మొదలైంది. 'వ్యక్తిత్వ వికాస నిపుణుడు' అని కార్డులు కొట్టించుకున్నాడు. అప్పటినుంచి ఆ ఇంట్లో ఏదీ ఊరికే జరగదు. పాలు పొంగితే అహంకారం గురించి పోస్టు. పాలు విరిగితే విరక్తి గురించి పోస్టు. పాలవాడు రాకపోతే నిరీక్షణ గురించి, శబరిని కూడా కలుపుకుని, కాస్త పెద్ద పోస్టు. ఆ పాలు ఒక్కరోజైనా ఆయన కాచిన దాఖలాలు మాత్రం లేవు.

ఇక కుక్కర్ సంగతి. 'మిత్రులారా, ఒత్తిడి పెరిగితేనే ఉడుకుతాం, ఉడికితేనే విజిల్' అన్నది బాబాయ్ ప్రవచనాల్లో బాగా పేరు తెచ్చుకున్నది. ఒత్తిడి మాట నిజమే. ఆవిరిని పోనీయకుండా బిగించడం వల్లే నీళ్ళు వంద డిగ్రీల దగ్గర మరిగిపోకుండా 120 దాకా వేడెక్కుతాయి, పప్పు తొందరగా మెత్తబడుతుంది. అయితే అందుకు మూత కింద రబ్బరు కూడా సరిగ్గా ఉండాలి. బాబాయ్ వాళ్ళింట్లో ఆ రబ్బరు సాగిపోయి, సంక్రాంతి నుంచీ ఆవిరి పక్కల నుంచి పోతోంది. పిన్ని దాన్ని రోజూ కాసేపు ఫ్రీజర్‌లో పెట్టి, బిగుసుకున్నాక మూతకు తొడుగుతోంది. "ఏవండీ, బజారుకెళ్తే కుక్కర్ రబ్బరు తెండి" అని చెప్పి చెప్పి అలిసిపోయింది. ఆయన బజారుకెళ్ళాడు. ఫోను నిలబెట్టుకునే స్టాండు తెచ్చుకున్నాడు. ఆ స్టాండు మీద పెట్టి తీసిన మొదటి వీడియోయే ఒత్తిడి గురించి. లైకులు బాగానే వచ్చాయి. పప్పు ఉడకలేదు, ఆ పూటకు చారుతో సరిపెట్టుకున్నారు.

సంసారంలోంచి భక్తి పాఠం తీయడం మనకు కొత్త కాదులెండి. శ్రీవైష్ణవుల్లో వడగలై వారికీ తెంగలై వారికీ శరణాగతి మీద వందల ఏళ్ళుగా సాగిన చర్చ అంతా తల్లీపిల్లల మీదే సాగింది. కోతిపిల్ల తల్లి పొట్టను తానే గట్టిగా పట్టుకుంటుంది, కాబట్టి భక్తుడు కూడా తనవంతు చెయ్యాలని ఒకరు. పిల్లిపిల్ల ఏమీ చెయ్యదు, తల్లే నోట కరుచుకుని తీసుకుపోతుంది, భగవంతుడూ అంతేనని మరొకరు. మర్కట కిశోర న్యాయం, మార్జాల కిశోర న్యాయం. బాబాయ్ ఏ పక్షమో నాకు కొన్నాళ్ళు అంతుపట్టలేదు. కాఫీ గ్లాసు చేతికొచ్చేదాకా పొద్దున కళ్ళు కూడా తెరవడని పిన్ని చెప్పాక అనుమానం తీరింది. పక్కా మార్జాలం. ఒకటే తేడా. ఏ పిల్లిపిల్లా తనను మోసుకుపోతున్న తల్లికి దారి మధ్యలో మోయడం ఎలాగో క్లాసు పీకదు.

ఇంతవరకూ సరే అనుకోవచ్చు. గ్యాస్ వీడియో చూశాక నాకు ఒళ్ళు మండింది. అది ఇప్పటికీ గ్రూపులో ఉంది, ఎవరూ డిలీట్ చెయ్యలేదు. కొందరు దానికి దణ్ణం బొమ్మలు కూడా పెట్టారు.

ఆదివారం. గారెలు. ముందురోజు మినప్పప్పు నానబోసి, పొద్దున్నే రుబ్బి, పిన్ని మూకుడు ముందు నిలబడి ఉంది. వీడియో మొదట్లో బాబాయ్ గారెకు చిల్లు ఎందుకుంటుందో వివరిస్తున్నాడు. మనసులో కొంత ఖాళీ ఉంచుకోవాలట, ఆ ఖాళీలోనే దేవుడు కూర్చుంటాడట. వెనకనుంచి పిన్ని గొంతు: "చిల్లు పెట్టకపోతే మధ్యలో పచ్చిగా ఉంటుందండీ." ఎడిటింగ్‌లో ఆ మాట ఎందుకు తీసేయలేదో తెలీదు. బహుశా ఎడిటింగ్ నేర్చుకోలేదేమో. సరిగ్గా అప్పుడే పొయ్యి మంట నీలంగా ఒకసారి ఎగిరి, చిన్నదై, ఆరిపోయింది. మూకుట్లో గారెలు సగం వేగి నూనె పీలుస్తున్నాయి.

మామూలు మనిషైతే ఏం చేస్తాడు? లేచి సిలిండర్ సంగతి చూస్తాడు. బాబాయ్ ఫోనును స్టాండు నుంచి తీసి చేతిలో పట్టుకున్నాడు. "మిత్రులారా, చూశారా! బయటి మంట ఎప్పుడైనా ఆరిపోవచ్చు. మనలోపలి జ్వాల ఆరకూడదు."

"ఆ లోపలి జ్వాలేదో ఉంటే ఇటు పట్రండి, వాయి సగంలో ఉంది" అంది పిన్ని.

తర్వాత తలుపు తీసిన చప్పుడు. కెమెరా పిన్ని వెంట వరండాలోకి నడిచింది. అవును, కెమెరా ఒక్కటే నడిచింది. పక్క ఫ్లాట్ వాళ్ళ దగ్గర అదనపు సిలిండర్ ఉంది. అందులో గ్యాసే 14.2 కిలోలు, ఇనుముతో కలిపితే ముప్పైకి అటూ ఇటూ. పిన్నికి మోకాళ్ళ నొప్పులు. కొంగు నడుముకు దోపుకుని, సిలిండర్ని ఒక పక్కకు వంచి, అడుగు కట్టు మీద తిప్పుకుంటూ తెస్తోంది. టైల్స్ మీద గరగరమని చప్పుడు. పక్కింటి పిల్లాడు, రెండో క్లాసు చదివే వెధవ, పరుగెత్తుకొచ్చి చిన్న చేతులతో వెనకనుంచి తోస్తున్నాడు. ఆ వరండాలో సాయం చేసిన మగవాడు వాడొక్కడే. బాబాయ్ వెనక్కి వెనక్కి నడుస్తూ, ఫ్రేము చెదరకుండా, గద్గదంగా వ్యాఖ్యానం చెబుతున్నాడు: "ఇదీ మిత్రులారా, స్త్రీ శక్తి. బరువు బరువు కాదు, బాధ్యత అనుకుంటే బంతి." గుమ్మం దగ్గర పిన్ని ఆగింది. ఊపిరి తీసుకుంది. కెమెరా వైపు చూసి, "కాస్త అడ్డు తప్పుకుంటారా?" అంది. వీడియోలో ఏదైనా జీవితసత్యం ఉంటే ఆ ఒక్క మాటే.

సిలిండర్ లోపలికొచ్చింది. సీలు పీకి, రెగ్యులేటర్ బిగించి, వాసన వస్తోందేమో వంగి చూసుకుని పిన్ని పొయ్యి వెలిగించింది. బాబాయ్ ముగింపు మాటలు వినండి: "మనకు అవసరమైన క్షణంలోనే పక్కింట్లో నిండు సిలిండర్ సిద్ధంగా ఉండటం, ఇది విశ్వాసానికి దొరికిన ఫలితం కాక మరేమిటి?" మరేమిటో నేను చెప్తాను. ఆ పక్కింటావిడ ఉద్యోగం నుంచి వచ్చేదాకా, స్కూలు బస్సు దిగిన ఆ పిల్లాణ్ణి రోజూ మా పిన్నే కూర్చోబెట్టుకుని ఇంత తిండి పెడుతుంది. అందుకని ఆవిడ సిలిండర్ ఇచ్చింది. దైవలీల అని రాసేశాక ఆ సంగతి ఇంకెవరు అడుగుతారు? చేసింది పిన్ని, పేరు దేవుడికి, లైకులు బాబాయ్‌కి.

అవి చాలనట్టు పదో తరగతి ఫలితాల రోజున ఎడిసన్ తల్లి ఉత్తరం ఒకటి తిరుగుతుంది. మీకూ వచ్చే ఉంటుంది. 'మీ అబ్బాయి మందమతి, బడికి పంపకండి' అని టీచర్ రాస్తే, తల్లి కన్నీళ్ళు తుడుచుకుని 'నువ్వు మేధావివట నాన్నా' అని చదివి వినిపించిందట. అసలు సంగతిలో ఉత్తరమూ లేదు, అబద్ధమూ లేదు. తన బుర్ర సరిగా లేదని మాస్టారు అనడం ఎడిసన్ చెవులారా విన్నాడు, ఇంటికెళ్ళి తల్లికి చెప్పాడు. ఆవిడ బడికెళ్ళి మాస్టారిని కడిగేసి, తానే ఇంట్లో చదువు చెప్పింది. ఎంత బాగుంది! కానీ మన పాఠాల రాయుళ్ళకు పోట్లాడే తల్లి పనికిరాదు. ఏడుస్తూ అబద్ధమాడే తల్లే కావాలి. పోట్లాడే తల్లి రేపు ఇటు తిరిగి, రబ్బరు ఎందుకు తేలేదని అడుగుతుంది మరి.

సర్కారు వారి లెక్క ఒకటుంది. 2024లో జాతీయ గణాంక కార్యాలయం చేసిన టైమ్ యూజ్ సర్వే. ఇంటి చాకిరీకి రోజుకు ఆడవాళ్ళు 289 నిమిషాలు పెడుతుంటే, మగవాళ్ళు 88 పెడుతున్నారు. 88 అంటే ఫర్వాలేదే అని చంకలు గుద్దుకోకండి. అది ఎంతో కొంత ఇంటిపని చేసే మగవాళ్ళ సగటు మాత్రమే, అలా చేసేవాళ్ళు నూటికి 27 మంది. మిగతా 73 మంది ఆ టైములో ఏం చేస్తున్నారో తెలియడానికి సర్వే అక్కర్లేదు. మా గ్రూపు చెబుతుంది.

మదర్స్ డే నాడు వచ్చినదాని గురించి మాత్రం నవ్వుతూ రాయలేను. 'అందరూ తిన్నాక మిగిలింది తినేదే అమ్మ. నాకు ఆకలిగా లేదురా అని అబద్ధం చెప్పేదే అమ్మ. అదే దైవత్వం.' కింద దీపం బొమ్మ. ఎన్నేళ్ళుగా చదువుతున్నాం ఈ చెత్త! 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో నూటికి 57 మందికి రక్తహీనత. మన రెండు రాష్ట్రాలూ అంతకంటే మెరుగ్గా ఏమీ లేవు. మీరు దైవత్వం అంటున్నదాన్ని డాక్టరు పరీక్ష చేసి, చీటీ మీద ఐరన్ మాత్రలు రాస్తున్నాడు. ఆకలి లేదని అమ్మ చెప్పింది అబద్ధమని నీకు తెలుసు. తెలుసు కాబట్టే రాశావు. తెలిశాక ఏం చేశావు? కంచం ముందు కూర్చోబెట్టి వడ్డించావా? కూర మొదట ఆవిడ కంచంలో వేసి, అడుగున మిగిలింది నువ్వు తిన్నావా? పోస్టు పెట్టావు. గిన్నె అడుగు గీకి తినే మనిషిని చూసి నీకు ప్రేరణ కలిగిందంటే, నాయనా, అది ప్రేరణ కాదు, సిగ్గులేనితనం. ఆవిడ నీకు పాఠం చెప్పడానికి పస్తు ఉండలేదు. అన్నం చాల్లేదు, అంతే.

వచ్చే వారం బాబాయ్‌కి ఒక కాలేజీలో ప్రసంగం ఉంది. అంశం: 'ఇల్లే నా గురుకులం'. నిర్వాహకులు సతీసమేతంగా రమ్మన్నారు, ముందు వరసలో కుర్చీ వేస్తారట, శాలువా కూడా కప్పుతారట. పిన్ని రానంది. ఆ టైముకు నీళ్ళ ట్యాంకర్ వస్తుంది, సంపు మూత తీసి దగ్గరుండి పోయించుకోవాలి, లేకపోతే సగం రోడ్డు పాలవుతాయి. ఈ మాట వినగానే బాబాయ్ కళ్ళు మెరిశాయట. నీళ్ళు, సంపు, మూత తీసి ఉంచడం, అనుగ్రహం! వెంటనే రికార్డు చేద్దామని ఫోను తీశాడు. చార్జింగ్ లేదు.

"ఏమే, చార్జర్ ఎక్కడ పెట్టావ్?"