తాబేలుకు చలికాలం, పక్కింటి సంపుకు శనికాలం

డిసెంబరు మొదట్లో మా ఆవిడ వాళ్లన్న, అంటే మా బావ, అమెరికా నుంచి వీడియో కాల్ చేసి తాబేలును చలికాలానికి సిద్ధం చేశారా అని అడిగాడు. అప్పటికి మేం మా అత్తకు స్వెట్టరే కొనలేదు.

బావ ఉండేది మిన్నెసోటాలో. అక్కడ చెరువులు గడ్డకట్టేస్తాయి, తాబేళ్లు అడుగున బురదలోకి దిగి వసంతం వచ్చేదాకా కదలకుండా పడుంటాయి. నీళ్లు 10 డిగ్రీలకు దిగాయంటే వాటికి తిండి అరగదు, తిన్నది కడుపులోనే కుళ్లిపోతుంది, అందుకే ముందే మేత ఆపేయాలన్నాడు. అంతా నిజమే. మా పెరట్లో సిమెంటు తొట్టిలో ఉన్నది కూడా వాళ్ల మిసిసిపీ వైపు జాతే, కళ్ల వెనక ఎర్ర చార ఉండేది. (మన నక్షత్ర తాబేలును పెంచితే 1972 నాటి చట్టం కింద కేసవుతుంది, ఆ సాహసం మేం చేయలేదు.) కాకపోతే ఇది అనంతపురం. డిసెంబరు రాత్రి కూడా 16, 17 డిగ్రీలుంటుంది, మధ్యాహ్నం 30 దగ్గర ఎండ మాడు పగలగొడుతుంది.

ఆ మాటే అంటే అత్త వినలేదు. "అమెరికాలో ఉండే నా కొడుక్కు తెలీదా?" అని మేత డబ్బా తీసుకెళ్లి బీరువాలో పెట్టి, తాళంచెవి కొంగున ముడేసుకుంది. తాబేలేమో నిద్ర ఊసే లేకుండా, మనిషి నీడ పడితే చాలు మెడ సాచి నోరు తెరిచేది. మావాడు దొంగచాటుగా ఆకుకూర వేయబోతే అత్త దగ్గింది.

ఒక పొద్దున తొట్టి ఖాళీ. బురదలోకి దిగిందేమోనని అత్త సంతోషపడింది, కానీ మా తొట్టిలో బురదెక్కడిది? ఇంతలో గోడవతల నుంచి పక్కింటి అక్క కేక.

"ఏమప్పా, మీ తాంబేలు మా సంపులో ఈత కొడతాంది! రాత్రే గదా ట్యాంకరు పోయించుకున్యా!"

గోడ కింద నీళ్లు పోయే తూములోంచి దూరి, వాళ్ల సంపు మూతకున్న పగులులోంచి లోపల పడినట్టుంది. బకెట్ దించితే అందులోకి రాదు, టార్చి వేస్తే అడుక్కి పోతుంది. మిన్నెసోటాలో చేయాల్సిన పని ఇక్కడ చేస్తోందన్నమాట. చివరికి మోటరు వేసి నీళ్లన్నీ తోడాల్సి వచ్చింది. వీధివీధంతా బిందెలతో వచ్చి నిలబడింది, తాబేలు నీళ్లు తాగడానికి కాదు గానీ గుడ్డలుతకడానికి పనికొస్తాయని. ఎవరో దాన్ని బుక్కరాయసముద్రం చెరువులో వదిలేయమన్నారు గానీ, ఈ జాతి అక్కడ చేరితే మన తాబేళ్ల తిండికే ఎసరు పెడుతుంది, కాబట్టి ఇంటికే తెచ్చాం. అత్త ఏమీ అనకుండా కొంగు ముడి విప్పింది.

ట్యాంకరు డబ్బులు సగం మేం ఇచ్చాం. మిగతా సగం డాలర్లలో రావాలి.