అయస్కాంతం ఇంట్లో పెట్టి వెళ్లండి

పాత మస్టాంగ్ కారు కొని బాగుచేసుకుందామని బయల్దేరేవాళ్లకు నిపుణులిచ్చే సలహాలు చాలా ప్రమాదకరమైనవి. అయస్కాంతం పట్టుకెళ్లమంటారు. టార్చిలైటు, స్క్రూడ్రైవరు, కారు కింద పడుకోవడానికి ఓ పాత దుప్పటి కూడా. ఇంత సరంజామాతో వెళ్లి కారు కొన్నవాణ్ణి నేను చూడలేదు. నిజం తెలుసుకుని ఉత్త చేతులతో ఇంటికొచ్చినవాళ్లనే చూశాను. అందరూ ఇలా తెలివిమీరిపోతే తుప్పు పట్టిన కార్లకు దిక్కెవరు?

1964 ఏప్రిల్ 17న న్యూయార్క్ ప్రపంచ ప్రదర్శనలో ఫోర్డ్ ఈ కారును జనం ముందుకు తెచ్చింది. ప్రారంభ ధర 2,368 డాలర్లు. తొలిరోజే 22 వేలకు పైగా ఆర్డర్లు. రెండేళ్లు తిరగకుండానే పది లక్షల కార్లు తయారయ్యాయి. అన్నిటిలో ఒక్కటైనా టెక్సస్ ఎండలో నా కోసం ఎదురుచూస్తూ ఉండదా అన్నది నా వాదన. ఆ 2,368 డాలర్లకు ఇవాళ కారుకు ఓ మోస్తరు పెయింటింగ్ కూడా కాదని మా ఆవిడ వాదన. రెండూ నిజమే కాబట్టి నా వాదన గెలిచింది.

ఇంతకీ అయస్కాంతం చేసే నేరమేమిటి? రేకుంటే అంటుకుంటుంది, లప్పం ఉంటే జారిపోతుంది. అరవై ఏళ్ల కారు, ఎన్ని చేతులు మారిందో, ఎన్ని సొట్టలు తిన్నదో. ఆ సొట్టల మీద ఎవరో ఓపిగ్గా లప్పం మెత్తి, ఉప్పుకాగితంతో రుద్ది, ఎర్రరంగు కొట్టి నిలబెట్టారు. పైన పటారం లోన లొటారం అంటారు సరే, ఆ పటారం మాత్రం ఊరికే వస్తుందా?

నిపుణుల అసలు గురి కౌల్ మీద. విండ్‌షీల్డుకు ముందు జల్లెడలా చిల్లులుంటాయే, దాని కింద రేకుపెట్టె. గాలి లోపలికి రావాలి, వాన నీరు పక్కలనుంచి బయటికి పోవాలి, అదీ ఏర్పాటు. అరవై ఏళ్లలో ఆకులు కూడా చేరి, కుళ్లి, తడి పట్టుకుని, లోపలి గాలిగొట్టాల అంచులను తినేస్తాయి. ఇక వాన పడ్డప్పుడల్లా నీళ్లు నేరుగా డ్రైవరు పాదాల మీదికే. గొట్టంతో పైన నీళ్లు పోసి, లోపల ఒకరు డాష్‌బోర్డు కింద తల దూర్చి చూడాలట. ఎందుకండీ? కాళ్లు కడుక్కునే లోపలికి రావాలన్న మన ఆచారం డెట్రాయిట్ ఇంజనీర్లకు తెలిసినందుకు సంతోషించక! దాన్ని బాగుచెయ్యాలంటే ఫెండర్లు, అంటే చక్రాల మీది రేకులు, విప్పాలి, స్పాట్ వెల్డులు ఒక్కొక్కటీ డ్రిల్లుతో తొలిచి పైరేకు లేపాలి, మళ్లీ అతకాలి. అందుకే చాలామంది కార్పెట్ మార్చి ఊరుకుంటారు.

ఆ కార్పెట్ ఎత్తి చూడొద్దు. ఈ కారుకు విడిగా ఛాసిస్ లేదు, నేలరేకూ దాని కింది ఇనుప దూలాలే వెన్నెముక. సీటు కింద రోడ్డు కనిపిస్తే గాలి, వెలుతురు బాగున్నాయని రాసుకోండి. జాకీ పెట్టి లేపినప్పుడు తలుపు మూసి చూడటం కూడా అనవసరం. వెన్నెముక వంగి అది మూసుకోకపోతే బాధపడేది మీరే.

ఫెండరు మీద 289 వీ8, అంటే ఎనిమిది సిలిండర్ల ఇంజను, బ్యాడ్జి మెరుస్తుంటే చక్రం వైపు చూడకండి. వీ8కి చక్రానికి ఐదు నట్లు, ఆరు సిలిండర్లదానికి నాలుగు. ఎదుటివాడి నట్లు లెక్కపెట్టడం మర్యాద కాదు. కారు గుర్తింపు నంబర్లో ఐదో అక్షరం ఇంజను జాతకం చెబుతుంది గానీ, తలుపు మీది పలక కొత్తగా కూడా చేయించుకోవచ్చు. జాతకాలు రాయించుకోవడం మనకేమైనా కొత్తా? అసలు ఫోర్డ్ అనుమతితో పైకప్పు మడిచే 1965 కన్వర్టిబుల్‌కి కొత్త బాడీ గుల్లలే అమ్ముతున్నారు. తుప్పు లేని పాత కారు కావాలంటే అదొక్కటే దారి, పాత కారు కాకపోవడం.

ఇంత సిద్ధాంతం చెప్పినవాణ్ణి, నేను వెళ్లిననాడు మాత్రం మా ఆవిణ్ణి వెంట తీసుకెళ్లాను. తప్పయింది. కారు గట్టి కప్పున్న 1965 హార్డ్‌టాప్, అమ్మేది ఓ మర్యాదస్తుడైన పెద్దాయన. ఆయనా నేనూ ఇంజను మీద వంగి తలలూపుతుంటే, ఆవిడ హ్యాండ్‌బ్యాగులోంచి ఫ్రిజ్‌కి అంటించుకునే తిరుపతి వెంకన్న బొమ్మ తీసింది. వెనక ఫెండరు మీద పెట్టింది, జారింది. తలుపు కింద పెట్టింది, పడింది. ముందు ఫెండరు మీద ఒక్క క్షణం ఆగి, గడ్డిలోకి దూకింది.

"స్వామే కాలు పెట్టనంటున్నాడు, మీరెక్కుతానంటారేంటండీ?"

దేవుడి బొమ్మతో పరీక్షలేమిటని కసిరాను. పెద్దాయన ఇంజను వైపే చూస్తూ ఉండిపోయాడు. బేరమాడకుండా డబ్బిచ్చాను, పరీక్షలు అక్కడితో ఆగుతాయని.

నడవని బండి డ్రైవ్‌వేలో ఉండకూడదని కాలనీ సంఘం నుంచి కాగితం వచ్చింది. అందుకని రోజూ ఆఫీసుకు తిరిగే టొయోటా కామ్రీ ఎండలో ఉంటోంది, మస్టాంగ్ గ్యారేజీలో. వెంకన్న దాని క్రోమ్ బంపరు మీద ఉన్నాడు. అక్కడొక్కచోటే నిలబడ్డాడు.