బందరు బట్ట, బండా జాజికాయ

2023 మేలో మచిలీపట్నం పోర్టు పనులు మొదలైన దగ్గర్నుంచి బందరు పాత వైభవం గురించి అందరూ మాట్లాడుతున్నారు, డచ్చివాళ్లు, ఇంగ్లీషువాళ్లు, ఫ్రెంచివాళ్లు అంతా ఒకప్పుడు మన రేవు కోసం ఎగబడ్డారని, మన అద్దకం బట్టలు ప్రపంచమంతా కట్టుకుందని. నిజమే, గర్వపడాల్సిన విషయమే. కానీ ఇక్కడ బట్ట ఎక్కించుకున్న ఆ ఓడలు తర్వాత ఎక్కడికి పోయాయి, అక్కడ ఏం చేశాయి అనే సంగతి మాత్రం ఎవరూ ఎత్తట్లేదు. బడిలో చదివిన పాఠం కూడా 1498లో వాస్కోడగామా కాలికట్ వచ్చాడు దగ్గర మొదలై గబగబా ప్లాసీ యుద్ధానికి వెళ్లిపోతుంది. మధ్యలో ఉన్న రెండున్నర శతాబ్దాల్లో మన తీరం ఏ లెక్కలో ఇరుక్కుందో మన పిల్లలకి తెలియాలి అని మేం గట్టిగా అనుకుంటున్నాం.

ఇప్పటి ఇండోనేషియాలో తూర్పు చివర బండా అని చిన్న చిన్న దీవులు ఉన్నాయి, మ్యాప్‌లో వెతికితే చుక్కల్లా కనిపిస్తాయి. ఒక అగ్నిపర్వతం, దాని చుట్టూ జాజి తోటలు. జాజికాయ, జాపత్రి రెండూ ఒకే కాయలోవి, గింజేమో జాజికాయ, దాని మీద ఎర్రగా వలలా అల్లుకుని ఉండేది జాపత్రి. 18వ శతాబ్దం చివరిదాకా ప్రపంచం మొత్తానికి ఈ సరుకు దాదాపు ఆ దీవుల నుంచే వచ్చేది. అక్కడి వాళ్లు ఎవరొచ్చినా అమ్మేవాళ్లు, జావా వాళ్లకీ, మలయా వాళ్లకీ, అరబ్బులకీ, 1512లో వచ్చిన పోర్చుగీసులకీ. దీవుల్లో వరి పండదు కాబట్టి జాజికాయ ఇచ్చి బియ్యం, సగ్గు, బట్ట తీసుకునేవాళ్లు.

1602లో పుట్టిన డచ్ ఈస్టిండియా కంపెనీకి ఇక్కడే చిక్కొచ్చింది. యూరప్ నుంచి తెచ్చిన ఉన్ని బట్టలు ఆ ఎండల్లో ఎవరు కొంటారు? దీవుల వాళ్లకి కావాల్సింది మన నూలు బట్ట, తరతరాలుగా వాడుతున్న రంగులు. అందుకే డచ్చివాళ్లు బండాతో కలిపి ఆ చుట్టుపక్కల ఉన్న మలుకు దీవులు పట్టుకోవాలంటే ముందు మన తీరానికి రావాల్సొచ్చింది. గోల్కొండ సుల్తాను అనుమతితో 1605 నాటికి మచిలీపట్నంలో, ఆ తర్వాత ఇప్పటి నిజాంపట్నంలో, 1610లో విజయనగర రాజు అనుమతితో పులికాట్‌లో కుదురుకున్నారు. తర్వాత గవర్నర్ జనరల్ అయిన హెండ్రిక్ బ్రౌవర్ 1612లో తన కంపెనీకి రాసిన మాట గుర్తుపెట్టుకోవాలి: కోరమాండల్ తీరం, అంటే మన తూర్పు తీరం, మలుకు దీవులకి ఎడమ చెయ్యి లాంటిది, ఇక్కడి బట్ట లేకపోతే అక్కడ వ్యాపారం చచ్చిపోయినట్టే.

ఆ బట్ట ఎలా తయారయ్యేదో కూడా చెప్పుకోవాలి. గుడ్డని ఉతికి, కరక్కాయ కలిపిన పాలల్లో ముంచి ఎండబెడితే రంగు పట్టే గుణం వస్తుంది, పాత ఇనుము తుక్కు బెల్లం నీళ్లలో నానబెట్టి తీసిన కషాయంతో నల్ల గీత, ఎరుపు రావాల్సిన చోట పటిక, ఆ తర్వాత చిరివేరు వేసి ఉడకబెడితే పటిక తగిలిన చోటల్లా ఎరుపు తేలుతుంది. మళ్లీ ఉతుకు, మళ్లీ ఎండ. పెడన, బందరు వైపు ఇవాళ్టికీ ఈ పద్ధతి చాలావరకు బతికే ఉంది. కృష్ణా మొగ దగ్గర ఇసుక నేలల్లో దొరికే చిరివేరు ఎరుపుకి అప్పట్లో మంచి పేరు. ఒక్కో గుడ్డ మీద ఇన్ని చేతులు పడ్డాక దళారీ వచ్చి, ఇచ్చిన అడ్వాన్సు మినహాయించి, కంపెనీ చెప్పిన రేటుకి పట్టుకుపోయేవాడు. నేసినవాడికీ, అద్దినవాడికీ అది ఏ దీవికి పోతుందో తెలిసే అవకాశమే లేదు.

ఇక బండాలో, 1609 నుంచి డచ్చివాళ్లు జాజికాయ మాకే అమ్మాలి అని కాగితాల మీద సంతకాలు పెట్టించుకుంటూ వచ్చారు. మాకే అమ్మండి అన్నవాళ్లు సరిపడా బియ్యం తేలేదు, తిండి కోసం ఆ జనం జావా వ్యాపారులకి అమ్మక తప్పలేదు, దానికి ఒప్పందం తప్పారు అని పేరు పెట్టారు. 1621లో గవర్నర్ జనరల్ యాన్ పీటర్‌జూన్ కూన్ సైన్యంతో దిగాడు. ఓరంగ్ కాయ అనే ఊరి పెద్దల్లో 40 మందికి పైగా కోట దగ్గరికి తెచ్చి జపాన్ కిరాయి సైనికుల చేత నరికించాడు. సుమారు 15 వేల జనాభా ఉండేదని చరిత్రకారుల అంచనా, మిగిలింది వెయ్యి మంది అటూ ఇటూ. కొందరు కత్తికి, చాలామంది కొండల్లో ఆకలికి పోయారు, కొందరిని బటావియాకి, అంటే ఇప్పటి జకార్తాకి, బానిసలుగా పంపారు. ఖాళీ అయిన తోటల్ని 68 ముక్కలు చేసి డచ్ ఆసాములకి పంచి, పని చెయ్యడానికి ఎక్కడెక్కడి నుంచో బానిసల్ని తెచ్చిపెట్టారు. ఇంకెక్కడా మొలకెత్తకూడదని జాజికాయల్ని సున్నంలో ముంచి మరీ ఎగుమతి చేసేవాళ్లు.

ఇక్కడ మన తీరం కథ ఇంకా బాధగా మారుతుంది. ఆ శతాబ్దంలోనే కోరమాండల్‌లో కరువులు వచ్చినప్పుడు పస్తులున్న కుటుంబాల నుంచి మనుషుల్ని కొని వేల సంఖ్యలో డచ్ ఓడల మీద తూర్పుకి పంపారు. బట్ట వెళ్లిన దారిలోనే మనుషులూ వెళ్లారు. పాత వైభవం అని సభల్లో చెప్పేటప్పుడు ఈ ముక్క దాటేస్తే అది సగం చరిత్రే అవుతుంది, ఇంకా చెప్పాలంటే వాళ్లకి అన్యాయం చేసినట్టవుతుంది.

ఆ దీవుల్లో ఒకటైన రన్ విషయంలో ఇంగ్లీషువాళ్లు పట్టుబట్టి కూర్చుంటే, 1667 బ్రెడా ఒప్పందంలో ఎవరి చేతిలో ఉన్నది వాళ్లకే అన్నారు, రన్ డచ్చివాళ్లకి, మన్‌హటన్ ఇంగ్లీషువాళ్లకి. అక్కడి మనుషుల్ని ఎవరూ అడగలేదు.

నెదర్లాండ్స్‌లో హూర్న్ ఊళ్లో కూన్ విగ్రహం 1893 నుంచి ఉంది, జనం గొడవ చేశాక 2012లో అతను బండాలో చేసింది కూడా దాని కింద రాశారు. 2023 జులై 1న ఆ దేశపు రాజు బానిస వ్యాపారానికి క్షమాపణ చెప్పాడు. అక్కడ ఈ మాట నడుస్తుంటే, ఆ వ్యాపారానికి సరుకు ఇచ్చిన మన ఊళ్లలో ఒక బోర్డు కూడా లేకపోతే ఎలా? బందరులో డచ్ సమాధుల తోట పురావస్తు శాఖ రక్షణలో ఉంది, రాళ్ల మీద కంపెనీ ఉద్యోగుల పేర్లు, వంశ చిహ్నాలు చక్కగా చెక్కి ఉన్నాయి. నేతగాళ్ల పేరు ఒక్కటీ లేదు, ఓడెక్కించిన వాళ్ల పేరు అసలే లేదు.

ప్రభుత్వాన్ని మేం అడిగేది పెద్ద ఖర్చుతో కూడినది కాదు. కొత్త పోర్టు దగ్గర ఒక మ్యూజియానికి జాగా ఇవ్వండి, అందులో బట్ట, చిరివేరు, జాజికాయ, బానిస ఓడలు నాలుగింటి కథా కలిపి పెట్టండి. హైస్కూల్ సోషల్ పుస్తకంలో బండా గురించి రెండు పేజీలు చేర్చండి. అన్నిటికన్నా ముఖ్యం, డచ్ కంపెనీ రికార్డులు సుమారు రెండున్నర కోట్ల పేజీలు ఇంకా మిగిలే ఉన్నాయి, 2003లో యునెస్కో వాటిని గుర్తించింది కూడా. ఎక్కువ భాగం హేగ్‌లో, జకార్తాలో ఉన్నా కొంత చెన్నైలో తమిళనాడు ఆర్కైవ్స్‌లోనే ఉంది, విజయవాడ నుంచి ఏడెనిమిది గంటల రైలు దూరం. వాటిని చదవాలంటే పాత డచ్ రావాలి, అది వచ్చినవాళ్లు మన యూనివర్సిటీల్లో ఎంతమంది ఉన్నారో వైస్ ఛాన్సలర్లే చెప్పాలి. ఈ విద్యా సంవత్సరంలోనే కొందరు రీసెర్చ్ స్కాలర్లని ఎంపిక చేసి, భాష నేర్పించి, ఫెలోషిప్ ఇచ్చి ఆ కాగితాల ముందు కూర్చోబెట్టండి.