ఎట్లుందట?

మహారాజశ్రీ సినిమా టాక్ గారికి,

హన్మకొండలో కాపురముంటూ, వరంగల్ ఎనుమాముల మార్కెట్లో ఒక అడ్తి దుకాణంలో, అంటే రైతు సరుకును కమీషన్ మీద అమ్మిపెట్టే కొట్టులో, పద్దులు రాసుకునే గుమస్తా నమస్కరించి రాయునది. ఇక్కడ మేమందరం క్షేమం. మీ క్షేమం ప్రత్యేకంగా అడగనక్కర్లేదు. ప్రతి శుక్రవారం పొద్దున తొమ్మిదింటికల్లా మీ ఆరోగ్యం సంగతి చౌరస్తాలో చాయ్ పోసే అతనితో సహా అందరూ చెప్తారు. పాజిటివ్ అనో, మిక్స్‌డ్ అనో, డివైడ్ అనో. ఈ డివైడ్ టాక్ అనే మాట మొదటిసారి విన్నప్పుడు ఎవరో అన్నదమ్ములు పాలు పంచుకున్నారేమో అనుకున్నాను.

మిమ్మల్ని నేను చిన్నప్పటి నుంచీ ఎరుగుదును. అప్పట్లో మీరు థియేటర్ సైకిల్ స్టాండులో పుట్టేవారు. మ్యాట్నీ వదిలాక, తాళం తీస్తూ ఒకడు పక్కవాడితో "మంచిగుందిరా" అనేవాడు. మీరు ఆ సైకిల్ క్యారియర్ మీద కూర్చుని మెల్లగా కాజీపేట దాకానో, ములుగు రోడ్డు దాకానో వెళ్లేవారు. పల్లెలకు చేరేసరికి వారం పట్టేది. ఆ వారంలో సినిమాకు కాస్త ఊపిరాడేది. 1980 ఫిబ్రవరిలో శంకరాభరణం విడుదలైనప్పుడు మొదట్లో హాళ్లు వెలవెలబోయాయి. అందులో కుర్ర హీరో లేడు, ఫైటింగులు లేవు, ఉన్నదల్లా నడివయసు దాటిన ఒక సంగీత విద్వాంసుడు. చూసినవాళ్లు ఇంటికెళ్లి చెప్పారు, విన్నవాళ్లు వెళ్లి చూశారు, రోజులు గడిచేకొద్దీ హాళ్లు నిండాయి. ఆ పుణ్యం మీదే, కాదనను. అదే సినిమా ఇప్పుడొచ్చి ఉంటే శుక్రవారం పదకొండున్నరకు మీరు "పాటలు ఎక్కువైనయ్ బ్రో" అనేవారు. సోమవారానికి దాని పోస్టర్ మీద ఇంకో పోస్టర్ పడేది.

ఇప్పుడు మీరు సైకిల్ స్టాండులో పుట్టడం మానేశారు. డల్లాస్‌లో పుడుతున్నారు. మా ఇంటావిడ మేనల్లుడు అక్కడే ఉంటాడు. ఇక్కడ భద్రకాళి గుడి తలుపులు తెరవకముందే అతను అక్కడ గురువారం ప్రీమియర్‌కు వెళ్లి, ఇంటర్వెల్లో పాప్‌కార్న్ క్యూలో నిలబడి ఫ్యామిలీ గ్రూపులో మెసేజ్ పెడతాడు: "ఫస్టాఫ్ డీసెంట్." నేను అప్పటికి పళ్లు కూడా తోముకోలేదు, సగం సినిమా అయిపోయింది. స్నానం చేసి వచ్చేసరికి రెండో మెసేజ్: "సెకండాఫ్ ల్యాగ్. వన్ టైం వాచబుల్." ఒక్కసారి చూడొచ్చు అన్నమాట. అయ్యా, మాలాంటివాళ్లు ఏ సినిమా అయినా ఒక్కసారే చూస్తాం. టికెట్లు, పార్కింగు, పిల్లల సమోసాలు కలిపితే రెండోసారి చూసే ధైర్యం ఎవరికుంది?

మీ వెంట ఎప్పుడూ మీ తమ్ముడు కలెక్షన్ గారు కూడా వస్తారు కదా. ఆయన గురించి ఒక ముక్క. మా గల్లీలో ఇంటర్ చదివే పిల్లగాడికి కిలో కందిపప్పు ఎంతో తెలియదు, నైజాం షేర్ (అంటే ఆ ఏరియాకు సినిమా కొన్నవాడి వాటా) ఎంతో పైసలతో సహా తెలుసు. 1948 సెప్టెంబర్‌లో నిజాం రాజ్యం పోయిందని మా తాత చెప్పేవాడు. సినిమా లెక్కల్లో మాత్రం వరంగల్ ఈనాటికీ నైజామే. రాయలసీమ ఇంకా సీడెడ్డే. 1800లో నిజాం దాన్ని ఇంగ్లీషువాళ్లకు అప్పగించిన నాటి పేరది. తెలంగాణ వచ్చింది, జిల్లాలు ముప్పై మూడయ్యాయి, మా వరంగల్ జిల్లా ముక్కలై ముక్కకో పేరు వచ్చింది. మీ తమ్ముడి ఖాతాపుస్తకం మాత్రం మారలేదు. ఆ పుస్తకం చూసి సినిమా మంచిదో కాదో తేల్చుకునే పిల్లగాళ్లను చూస్తే భయమేస్తుంది. వాళ్లకు సినిమా నచ్చదు, షేర్ నచ్చుతుంది.

సరే, అసలు సంగతికి వస్తాను. నా ఉద్యోగం చేత నాకు తెలిసిందల్లా మిర్చి. మా మార్కెట్‌కు రైతు మిర్చి తెస్తే ఖరీదుదారు ఏం చేస్తాడో మీరు ఒక్కసారి వచ్చి చూడాలి. బస్తా మూతి విప్పుతాడు. పైన కనబడే కాయను నమ్మడు. మోచెయ్యి దాకా చెయ్యి దూర్చి అడుగు నుంచి గుప్పెడు లాగుతాడు. ఒక కాయను విరిచి చూస్తాడు. పుటుక్కున విరిగితే ఆరినట్టు, వంగితే తేమ ఉన్నట్టు. గింజ చూస్తాడు, రంగు చూస్తాడు, ముక్కు దగ్గర పెట్టుకుని తుమ్ముతాడు. తాలు కాయ ఎంత కలిసిందో చూస్తాడు. ఇంత చేశాక ధర చెప్తాడు. అప్పుడు కూడా రైతు ఒప్పుకోడు, అది వేరే పంచాయితీ. మీరేమో బస్తా మూతి కూడా విప్పరు. టీజర్ వచ్చిన రోజే "తేడా కొడుతుంది" అంటారు.

పైగా మా దగ్గర జెండాపాట అని ఒకటుంది. ఆ రోజు వచ్చిన సరుకులో మేలైన దాని దగ్గర పాట పెట్టి ఒక ధర పలుకుతారు. మర్నాడు పేపర్లో ఆ ధరే అచ్చవుతుంది. అది చూసి రైతు ఆటో మాట్లాడుకుని ఆశగా వస్తాడు, తన బస్తాలకు ఆ ధర రాదు, లొల్లి అవుతుంది. మీది కూడా జెండాపాటే. కాకపోతే తలకిందుల జెండాపాట. ఫస్ట్ షో వదలగానే అందరికంటే గట్టిగా అరిచినవాడి నోటి నుంచి వచ్చిందే ఊరందరి ధర. వెనక వరుసలో కూర్చుని కళ్లు తుడుచుకున్న ముసలాయనను ఎవరూ అడగరు.

ఈ రేటింగ్ సంగతి కూడా నాకు అంతుపట్టదు. అయిదుకు రెండుముప్పావు. ఆ పావు ఎక్కడ పోయింది? మా దగ్గర కాంటా మీద తరుగు తీస్తే రైతు అదేమని నిలదీస్తాడు. మీరు తీసిన తరుగును దర్శకుడు ఎవర్ని అడగాలి?

మా అమ్మ పుట్టిల్లు సిరిసిల్ల వైపు. చిన్నప్పుడు ఎండాకాలం సెలవులకు వెళ్తే అక్కడ వాకిట్లో నలుగురైదుగురు ఆడవాళ్లు కూర్చుని బీడీలు చుట్టేవాళ్లు. ఒళ్లో చాట, చాటలో తడిపిన తునికాకు, పక్కన తంబాకు డబ్బా, దారం. వెయ్యి బీడీలకింత అని కూలి. వాళ్లలో ఎవరో ఒకరు కరీంనగర్ వెళ్లి సినిమా చూసి వచ్చేవారు. ఇక మిగతావాళ్లకు ఆ సినిమా మొత్తం పొద్దుగూకేదాకా చెప్పేది. ఎక్కువసార్లు మా చిన్నమ్మే. ఆకు మీద రేకు పెట్టి కత్తెరతో కోస్తూ, "గప్పుడు ఆయన తలుపు తీసిండు" అని ఆగేది. అందరి చేతులూ ఆగేవి. "తీస్తే ఎవరున్నరే?" "ఆగుండ్రి, దారం ఒడిసింది." లోపలికి వెళ్లి దారపు ఉండ తెచ్చుకుని, కొస పళ్లతో కొరికి, బీడీకి ముడేసి, అప్పుడు చెప్పేది. ఏడ్చే సీను వస్తే నిజంగానే కొంగు అడ్డం పెట్టుకునేది. పాట వస్తే పాడేది, గొంతు బాగుండకపోయినా. మొత్తం అయిపోయాక కూడా ఆమె నోట "బాగుంది", "బాగలేదు" అనే ముక్క రాలేదు. ఎవరూ అడగలేదు కూడా. టాక్ గారూ, అది కూడా మీ వంశమే. మీ పెద్దమ్మ అనుకోండి. ఆమె ముందు మీరు కాసేపు కూర్చుని రెండు కట్టలు బీడీలు చుట్టి ఉంటే బాగుండేది.

2023 మార్చిలో, చావింట్లో పిట్ట పిండం ముట్టని కథతో బలగం సినిమా వచ్చినప్పుడు ఆ పెద్దమ్మ మళ్లీ ఒకసారి కనబడింది. మా వైపు పల్లెల్లో వాడకట్టుల్లో తెరలు కట్టి మరీ ఆ సినిమా వేశారు. అమ్మ తన పుట్టినూళ్లో కింద బొంత పరుచుకుని చూసింది. మర్నాడు ఫోన్ చేసి, అలవాటు చొప్పున "ఎట్లుందే?" అన్నాను. ఆమె సినిమా మాటే ఎత్తలేదు. "మా పెద్దనాయన దినాల నాడు గూడ పిట్ట ముట్టలేదు బిడ్డా" అని మొదలుపెట్టి, ఎవరి మీద అలిగి ముట్టలేదు, చివరికి ఎవరు వచ్చి దండం పెడితే ముట్టింది, ఆ రోజు వండిన కూరల్లో ఏది ఆయనకు ఇష్టం, అన్నీ ముప్పావుగంట చెప్పింది. ఆ పెద్దతాత పేరు తప్ప నాకు అంతకుముందు ఏమీ తెలియదు. దీన్ని అయిదుకు ఎంత అని రాయాలి?

ఇప్పుడు నా తప్పు చెప్పుకుంటాను. ఈ ఉత్తరం రాయడానికి కారణం కూడా అదే.

ఒక చిన్న సినిమా వచ్చింది. పేరు చెప్పను, చచ్చినవాళ్లను మళ్లీ బయటికి లాగడం దేనికి. మొదటిరోజే మీరు దాన్ని డిజాస్టర్ అన్నారు. ఆదివారం ఇంటావిడ పిల్లలతో పుట్టింటికి వెళ్లింది, ఇంట్లో కరెంటు లేదు, హాల్లో ఏసీ ఉంటుందని వెళ్లాను. జనం ఇరవై మంది ఉంటారేమో. అందులో ఒక సీను. కొడుకును పట్నం పంపడానికి తండ్రి బస్టాండుకు వస్తాడు. బస్సు కదిలాక జేబులోంచి నోట్లు తీసి లెక్కపెడతాడు. మళ్లీ లెక్కపెడతాడు. తనకు తిరుగు బస్సుకు కావలసింది ఒక నోటు పక్కకు తీసి, ఒక్క క్షణం ఆగి, దాన్ని కూడా అందులోనే కలిపి, బస్సు వెంట పరుగెత్తి కిటికీలోంచి లోపలికి కుక్కుతాడు. డైలాగ్ లేదు. మ్యూజిక్ కూడా లేదనుకుంటా, ఉన్నా నాకు వినబడలేదు. హన్మకొండ బస్టాండులో మా నాయన అచ్చం అట్లాగే చేశాడు. ఆ రోజు ఆయన ఇంటికి ఎట్లా వెళ్లాడో నేనెప్పుడూ అడగలేదు. ఇప్పుడు అడుగుదామంటే ఆయన లేడు. చీకట్లో ఎవరూ చూడరని బాగా ఏడ్చాను.

బయటికొచ్చేసరికి ఎండ కళ్లలో కొట్టింది. ముక్కు తుడుచుకునేలోపే ఎర్రటి స్పాంజి తొడిగిన మైకు ఒకటి మూతి ముందుకు వచ్చింది. వెనక ఫోన్ పట్టుకుని ఇంకో పిల్లగాడు. "అన్నా, ఎట్లుందన్నా సినిమా?" నా ముందు చెప్పినవాడు "పైసల్ దండగ" అని గంతేసి వెళ్లాడు, చుట్టూ నవ్వులు. మైకు నా వైపే ఉంది. మా నాయన సంగతి ఆ స్పాంజిలోకి ఎట్లా చెప్పను? నోరు తెరిస్తే మీరే వచ్చారు టాక్ గారూ. "ఫస్టాఫ్ ఓకే అన్నా. సెకండాఫ్ కొంచెం ల్యాగ్."

ఆ సీను ఉన్నది సెకండాఫ్‌లోనే.

ఆ వీడియో ఎక్కడెక్కడ తిరిగిందో తెలియదు. సాయంత్రం బావమరిది ఫోన్ చేశాడు. "బావా, నిన్ను చూసినం టీవీల... గదే, ఫోన్ల. నువ్వు గట్ల చెప్పినవని టికెట్లు క్యాన్సిల్ చేసినం. మంచి పని చేసినవ్." శుక్రవారానికి సినిమా లేదు. అది ఒక్క నావల్ల పోయిందని అనను, అంత గొప్పవాణ్ణి కాను. కానీ ఆ బస్తాలో చెయ్యి పెట్టి, మంచి కాయను బయటికి తీసి, విరిచి చూసి, కళ్లల్లో నీళ్లొచ్చాక కూడా తాలు అని చెప్పిన గుమస్తాను నేనే. మా సేటుకు తెలిస్తే పని నుంచి తీసేస్తాడు.

మీరు మాత్రం పశ్చాత్తాపపడే రకం కాదు. 2010లో ఆరెంజ్‌ను ఫ్లాప్ అన్నారు, అదే ఏడు ఖలేజాను కూడా అన్నారు. 2023లో ఆరెంజ్, 2025లో ఖలేజా మళ్లీ వస్తే థియేటర్ల నిండా పిల్లలు, తెర ముందుకెళ్లి పాటలకు గంతులు, కాగితాలు ఎగరేయడాలు. అక్కడ కూడా మీరే. "కల్ట్ బ్రో, అప్పట్లో జనానికి అర్థం కాలే" అని మీరే మైకులో చెప్పారు. అప్పటి జనానికి చెప్పిందెవరు? మిమ్మల్ని నమ్మి ఆనాడు ఇంట్లో కూర్చున్నవాడికి ఇప్పుడు యాభై దగ్గర పడింది, మోకాళ్ల నొప్పులు, గంతులేయలేడు. వాడికి ఏం ఇస్తారు?

చివరిగా ఒక్క విన్నపం. మా భాషలో మీకు అసలు పేరు ఒకటుంది. అది "అట". ఇంగ్లీషు పేరు పెట్టుకున్నాక మీరు మరిచిపోయినట్టున్నారు. వచ్చాడట, పోయాడట, బాగలేదట. ఆ రెండక్షరాలు మాట చివర తగిలిస్తే చెప్పినవాడి మీద బాధ్యత ఉండదు, చూసినవాడు ఎవడో తెలియక్కర్లేదు. మా ఇళ్లలో సినిమా గురించి "ఎట్లుంది?" అని అడిగి చాలా ఏళ్లయింది. అందరూ "ఎట్లుందట?" అనే అడుగుతున్నారు. ఒక్క ఆదివారం దాకా ఆగి రండి, అంతే. శుక్ర, శని రెండు రోజులు మమ్మల్ని మా కళ్లతో చూసుకోనివ్వండి. ఆ తర్వాత మీ ఇష్టం.

ఇంకా రెండు మాటలు రాద్దామని కాగితం తిప్పాను. ఇంతలో బావమరిది ఫోన్.

"బావా, రేపటి సినిమా ఎట్లుందట?"

"రేపటిది కదరా, ఇంకా రిలీజే కాలే."

"గది తెలుసు బావా. ఎట్లుందట?"

"సెకండాఫ్ కొంచెం ల్యాగట."

ఇట్లు,
ఎనుమాముల అడ్తి గుమస్తా