ప్రతి ఉదయం ఇంగ్లిష్‌లో నిద్రలేచే పెన్‌డ్రైవ్

మా అక్క కూతురు డిగ్రీ రెండో సంవత్సరం చదువుతోంది. ఇంట్లో ఉన్న ఒక్క ల్యాప్‌టాప్ వాళ్ల అన్నయ్యది. అతని విండోస్ జోలికి పోకుండా తన పని తాను చేసుకుంటుందని ఒక లైవ్ లినక్స్‌ను, అంటే కంప్యూటర్‌లో స్థాపించకుండా పెన్‌డ్రైవ్ నుంచే నడిచే లినక్స్‌ను, పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి ఇచ్చాను. మొదటి సాయంత్రం తనే వైఫై కలుపుకుంది. సెట్టింగుల్లో వెతికి తెలుగు కీబోర్డు చేర్చుకుంది. ఒత్తులు సరిగా ఆనడం లేదని అక్షరాల సైజు పెంచుకుంది. రెండు పేజీల వ్యాసం టైపు చేసి, డాక్యుమెంట్స్ ఫోల్డర్‌లో దాచి, పద్ధతిగా షట్‌డౌన్ చేసి పడుకుంది. మర్నాడు వ్యాసం లేదు. తెలుగు కీబోర్డు లేదు. వైఫై పాస్‌వర్డ్ మళ్లీ కొట్టాలి. అక్షరాలు మళ్లీ చీమలంత అయ్యాయి.

ముందే హెచ్చరించకపోవడం నా పొరపాటు, ఒప్పుకుంటాను. కానీ ఫోన్ చేసి ఆ అమ్మాయి అడిగిన మాట నన్ను వదలడం లేదు. "మామయ్యా, ఎక్కడ దాచాలని అదే అడిగింది కదా, నేను చెప్పాను కదా. దాచలేనప్పుడు ఎందుకు అడిగినట్టు?"

లైవ్ లినక్స్‌లను ఎలా బాగుచేయాలో వాడేవాళ్లు చెప్పే సూచనలు ఏళ్లుగా చదువుతున్నాను. తెర రంగులు మార్చమంటారు, ఫలానా బ్రౌజర్ పెట్టమంటారు. ఆఫీసు ప్రోగ్రాములు తీసేసి సైజు తగ్గించమని కొందరు, ఇంకా నాలుగు చేర్చమని కొందరు. మొత్తాన్ని ర్యామ్‌లోకి ఎక్కించే వీలును మెనూలోనే చూపించమనేది మంచి కోరిక, చేయాల్సిందే. అయినా వీటన్నిటినీ పక్కన పెట్టి ముందు తీర్చాల్సింది ఒకటే: పెట్టింది పెట్టినచోట ఉండాలి. నా దృష్టిలో అది తక్కినవాటి సరసన చేర్చే సదుపాయం కాదు, వాడుకరికి ఇచ్చిన మాట నిలబెట్టుకోవడం.

ఈ మరపు ఎక్కడినుంచి వచ్చిందో తెలిసిందే. 2000లో జర్మనీలో క్లౌస్ క్నాపర్ తెచ్చిన క్నాపిక్స్ అనే లైవ్ లినక్స్ 700 మెగాబైట్ల సీడీ నుంచి నడిచేది. దాదాపు రెండు గిగాబైట్ల సాఫ్ట్‌వేర్‌ను కుదించి అందులో పట్టించడం ఆ రోజుల్లో అబ్బురమే. సీడీ మీద తిరిగి రాయలేం కనుక మార్పులన్నీ ర్యామ్‌లో ఒక పలుచని పొరగా ఉండి, కరెంటు పోగానే పోయేవి. పలక మీద రాసి తుడిచేసినట్టు. సీడీ పోయింది, పెన్‌డ్రైవ్ వచ్చింది. దాని మీద ఎన్నిసార్లయినా రాయవచ్చు. అయినా చాలా లైవ్ వ్యవస్థలు ఇప్పటికీ సీడీలాగే ప్రవర్తిస్తున్నాయి.

డెబియన్‌నే తీసుకుందాం. ఎన్నో లినక్స్‌లకు పుట్టిల్లు, నేను గౌరవించే వ్యవస్థ, అందుకే దాన్ని ఎంచుకున్నాను. 32 గిగాబైట్ల పెన్‌డ్రైవ్‌లోకి డెబియన్ లైవ్ ఎక్కిస్తే మూడు నాలుగు గిగాబైట్లు పడుతుంది. మిగతాదంతా పడావు పడ్డ భూమి. దాన్ని సాగులోకి తేవాలంటే అక్కడ మీరే ఒక పార్టిషన్, అంటే విడి భాగం, చేసుకోవాలి. దానికి సరిగ్గా "పెర్సిస్టెన్స్" అని పేరు పెట్టాలి, ఒక్క అక్షరం తప్పినా పనిచేయదు. అందులో అదే పేరుతో ఒక కాన్ఫ్ ఫైలు (సెట్టింగులు రాసుకునే ఫైలు) సృష్టించాలి. ఆ ఫైలులో ఒక వాలుగీత, ఒక ఖాళీ, "యూనియన్" అన్న మాట రాయాలి. అయిపోయిందనుకుంటారు, కాలేదు. ఆన్ చేసిన ప్రతిసారీ మొదట కనిపించే బూట్ మెనూ దగ్గర ఆగి, పొడవాటి లినక్స్ ఆజ్ఞ చివరికి వెళ్లి, ఆ పదకొండు ఇంగ్లిష్ అక్షరాల మాటను మళ్లీ చేత్తో కొట్టాలి. మెనూ ఉన్న భాగం చదవడానికే తప్ప రాయడానికి వీలుకానిది కనుక, ఒకసారి కొట్టిన మాటను అది గుర్తుపెట్టుకోలేదు. గుర్తుపెట్టుకొమ్మని చెప్పిన సంగతిని కూడా రోజూ గుర్తుచేయాలన్నమాట!

అంటే యంత్రాంగమంతా సిద్ధంగా ఉంది. ఏళ్లుగా ఉంది. లేనిదల్లా మామూలు మనిషి నొక్కగల బటన్.

ఆ బటన్ ఎలా ఉండాలో కొత్తగా కనిపెట్టనక్కర్లేదు. ఆస్ట్రేలియాలో బ్యారీ కాలర్ 2003లో మొదలుపెట్టిన పప్పీ లినక్స్, మొదటిసారి షట్‌డౌన్ చేసేటప్పుడు పనిని దాచాలా అని అడుగుతుంది. ఎంత సరైన సమయం! దుకాణం కట్టేసేటప్పుడు గల్లాపెట్టె సంగతి చూసుకున్నట్టు. ఇక టెయిల్స్‌ది మరీ గట్టి సాక్ష్యం. పేరులోనే మతిమరుపును (ఇంగ్లిష్‌లో "అమ్నీసిక్") పెట్టుకున్న లైవ్ వ్యవస్థ అది. అమెరికా నిఘా రహస్యాలపై ఎడ్వర్డ్ స్నోడెన్ 2013లో బయటపెట్టిన పత్రాల మీద పనిచేసిన పాత్రికేయులు వాడినది. ఆనవాళ్లు మిగలకపోవడమే దాని ధర్మం. అలాంటి టెయిల్స్‌లో ఎన్‌క్రిప్షన్‌తో కూడిన శాశ్వత నిల్వ 2012 నుంచీ ఉంది. 2022 డిసెంబరులో వచ్చిన 5.8తో దాన్ని మళ్లీ రూపుదిద్ది, నిల్వను ఏర్పాటు చేశాక కంప్యూటర్‌ను తిరిగి ప్రారంభించే అవసరం కూడా లేకుండా చేశారు. వైఫై దాచాలా, బుక్‌మార్కులు దాచాలా, ఫైళ్లు మాత్రమే చాలా అని ఒక్కొక్కటిగా ఎంచుకోవచ్చు. ఆ టెయిల్స్ పుట్టింది డెబియన్ నుంచే. మరచిపోవడమే వృత్తిగా పెట్టుకున్న కూతురు గుర్తుంచుకోవడం నేర్చుకుంటే, తల్లికి ఎందుకు చేతకాదు?

కాదనేవాళ్ల వాదన నాకు తెలుసు. పదేపదే రాస్తే పెన్‌డ్రైవ్ త్వరగా అరుగుతుంది. ప్రతిసారీ శుభ్రంగా మొదలవడమే లైవ్ వ్యవస్థకున్న బలం, ఒకసారి చొరబడిన చెడ్డ ప్రోగ్రామ్ నిలిచిపోతే ఆ బలం పోతుంది. మూల ముద్ర (పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించే ఇమేజ్ ఫైలు) లోని కెర్నెల్, అంటే వ్యవస్థ గుండెకాయ, పాతదిగానే ఉండి, పై పొరలో అప్‌డేట్లు పేరుకుంటే రెండింటికీ పొత్తు కుదరదు. నిజాలే. కానీ ఇవన్నీ మొత్తం వ్యవస్థను దాచడానికి వ్యతిరేకంగా చెప్పే కారణాలు. మా అమ్మాయి వ్యాసాన్ని, కీబోర్డును, వైఫైని దాచడానికి ఒక్కటీ అడ్డు కాదు. హోమ్ ఫోల్డర్ ఒక్కటే నిలిచేలా చేసే వీలు డెబియన్‌లో ఈ రోజే ఉంది, అదే కాన్ఫ్ ఫైలులో మాట మార్చి రాస్తే చాలు. శుభ్రంగా మొదలవ్వాలనుకున్నవారు వద్దని నొక్కుతారు.

వాడుకరులు పట్టుబట్టిన మాట చివరికి సరైనదని తేలడం ఇది మొదటిసారి కూడా కాదు. వైఫై ఫర్మ్‌వేర్, అంటే వైఫై చిప్‌ను నడిపించే చిన్న సాఫ్ట్‌వేర్, సంగతి గుర్తుచేసుకోండి. కోడ్‌ను ఎవరైనా చూసి మార్చుకోగల స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ కాదన్న కారణంతో డెబియన్ దాన్ని తన అధికారిక ముద్రల్లో ఉంచేది కాదు. ఫర్మ్‌వేర్ కలిపిన ముద్రలు వేరేచోట, "అనధికారికం" అన్న ముద్దరతో ఉండేవి. తెలిసినవారు అక్కడికి వెళ్లేవారు, తెలియనివారు వైఫై లేని డెస్క్‌టాప్‌ను చూసి లినక్స్‌కే దండం పెట్టేవారు. సూత్రం కోసం నిలబడ్డామని అభివృద్ధిదారులు అనుకున్నారు. ఆ సూత్రానికి వెల చెల్లించింది మాత్రం కొత్తవాళ్లు. 2022లో డెబియన్ సభ్యులు ఓటు వేసి తమ మౌలిక నియమాల పత్రమైన సామాజిక ఒప్పందాన్నే సవరించుకున్నారు. 2023 జూన్‌లో వచ్చిన డెబియన్ 12 నుంచి ఫర్మ్‌వేర్ అధికారిక ముద్రల్లోనే వస్తోంది. ఆ ఒప్పందంలోనే ప్రాధాన్యాలు చెప్పే వాక్యం ఒకటి ఉంది. అందులో స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ కంటే ముందు కనిపించే మాట వినియోగదారులు. ఫర్మ్‌వేర్ విషయంలో ఆ మాటను నిలబెట్టుకున్నారు. నిల్వ విషయంలోనూ నిలబెట్టుకోవాలి.

ఇంతవరకూ చెప్పింది ఏ దేశంలో వాడేవారికైనా వర్తిస్తుంది. నన్ను నిజంగా కదిలించే సంగతి దీని వెనక ఉంది. మరచిపోయిన కంప్యూటర్ శూన్యంలోకి పోదు. ఎవరో ముందుగా నిర్ణయించిన స్థితికి తిరిగి వెళ్తుంది. డెబియన్ లైవ్ అడగకుండానే అమెరికా ఇంగ్లిష్‌లో, అమెరికా కీబోర్డుతో లేస్తుంది. గడియారం అంతర్జాతీయ కాలమానంలో, మనకంటే అయిదున్నర గంటలు వెనక ఉంటుంది. ఒహాయోలో కూర్చున్న విద్యార్థికి మరపు వల్ల పోయేది ఫైళ్లే. భాష, అక్షరాలు పోవు, ఎందుకంటే ఆ మొదటి స్థితే అతనిది. అనకాపల్లిలోనో ఆదిలాబాద్‌లోనో ఉన్న విద్యార్థి మాత్రం తన ఫైళ్లతోపాటు తన భాషను కూడా రోజూ పోగొట్టుకుంటుంది. రోజూ మళ్లీ సంపాదించుకోవాలి. ఒకే మరపు, రెండు రకాల నష్టం.

అమెరికా వాడుకరి నిల్వను ఒక సౌకర్యంగా కోరుకుంటాడు. తెలుగు వాడుకరికి అది లేకపోతే పనే మొదలుకాదు. తెలుగు టైపింగ్ సంగతి తెలిసినవారికి ఇది వివరించనక్కర్లేదు. ఒకరికి ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు అమరిక అలవాటు, ఇంకొకరు ఇంగ్లిష్ అక్షరాలు కొట్టి తెలుగు రప్పిస్తారు, డీటీపీలో చేయి తిరిగినవారి వేళ్లు యాపిల్ లేఅవుట్‌ను తప్ప మరోదాన్ని ఒప్పుకోవు. కొన్నిటికి అదనంగా ప్యాకేజీలు ఎక్కించాలి. పోతన, వేమన ఫాంట్లు కావాలనుకుంటే అదో పని. పావుగంట పట్టే ఈ ఏర్పాటును ఒకసారి చేయమంటే ఎవరైనా చేస్తారు. రోజూ చేయమంటే మూడో రోజుకు ఇంగ్లిష్ లిపిలోనే తెలుగు రాయడం మొదలుపెడతారు. "నేను రేపు వస్తాను" అన్న మూడు మాటలను రోమన్ అక్షరాల్లో పంపే యువతను నిందిస్తూ మనం సభల్లో బోలెడు ఉపన్యాసాలు విన్నాం. ఆ పిల్లలకు భాషాభిమానం తక్కువని నేను నమ్మను. వాళ్ల ముందున్న యంత్రం రోజుకోసారి వాళ్ల కీబోర్డును లాగేసుకుంటోంది.

ఇదే డెబియన్‌ను హార్డ్ డిస్క్‌లో స్థాపించేటప్పుడు ఇన్‌స్టాలర్ తెలుగులో మాట్లాడుతుంది. స్వచ్ఛందంగా కూర్చుని ఆ వాక్యాలు అనువదించినవారికి మనం ఋణపడి ఉన్నాం. కానీ సొంత కంప్యూటర్ ఉన్నవారే ఇన్‌స్టాల్ చేసుకోగలరు. అన్నయ్య ల్యాప్‌టాప్, కాలేజీ ల్యాబ్, ఇంటర్నెట్ సెంటర్ దాటి పోలేనివారికి జేబులోని పెన్‌డ్రైవే సొంత కంప్యూటర్. విండోస్ 10కు మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిశాక పాత ల్యాప్‌టాప్‌లు చేతులు మారుతున్న ఈ సమయంలో అలాంటివారు తగ్గరు, పెరుగుతారు. ఎవరికి అత్యంత అవసరమో వారికే అత్యంత మతిమరుపు యంత్రం ఇస్తున్నాం.

మరి ఈ మాట అభివృద్ధిదారుల చెవిన ఎందుకు పడలేదు? చెప్పే దారే మనకు ఎదురుగా లేదు. డెబియన్‌కు సూచన ఇవ్వాలంటే దాన్ని లోపంగా నమోదు చేస్తూ ఈమెయిల్ రాయాలి, అదీ ఇంగ్లిష్‌లో. తీవ్రతను బట్టి ఏడు మెట్లుంటాయి. సూచనలకు దక్కేది అట్టడుగు మెట్టు, పేరు "విష్‌లిస్ట్". అంత దూరం వెళ్లి, అంత ఓపికగా రాసేవారు ఇంగ్లిష్‌లో ధీమాగా ఉన్నవారు. వారికి కీబోర్డు పోయే బాధ తెలియదు. ఆ బాధ ఉన్నవారు రాయరు. ఫిర్యాదు రాలేదు కనుక సమస్య లేదనుకుంటారు.

ఈ వంతెన వేయాల్సింది మన దగ్గరే. హైదరాబాద్ కేంద్రంగా పనిచేసే స్వేచ్ఛ సంస్థ 2000ల దశకంలోనే తెలుగు ముఖంతో లినక్స్‌ను తయారుచేసిన అనుభవం ఉన్నది. ఇంజనీరింగ్ కాలేజీల్లో లినక్స్ తెలిసిన కుర్రాళ్లకు కొదవ లేదు. వాడేవారి ఇబ్బందులను తెలుగులో విని, ఇంగ్లిష్‌లోకి మార్చి, అవసరమైతే కోడ్‌తో సహా పైకి పంపే పనిని ఇలాంటివారు చేపట్టాలి. ఎవరో మొదలుపెట్టేదాకా ఆగడం ఎందుకని నా వంతు సూచన రాసి ఉంచాను. పైకి పంపేది ఇంగ్లిష్‌లోనే అయినా ముందు తెలుగులో రాసుకున్నాను. అది ఇదీ:

"పెన్‌డ్రైవ్ నుంచి మొదటిసారి నడిచినప్పుడు భాష, కీబోర్డు, కాలమానం ఒకే తెర మీద అడగండి. షట్‌డౌన్ నొక్కినప్పుడు, ఖాళీ స్థలం ఉంటే, ఈ ఫైళ్లనూ సెట్టింగులనూ పాస్‌వర్డ్‌తో భద్రపరచాలా అని అడగండి. ఒప్పుకుంటే పార్టిషన్ మీరే చేయండి, మరుసటిసారి మెనూలో ఏమీ కొట్టించకుండా దాన్ని మీరే గుర్తుపట్టండి. వద్దంటే, ఫైలు దాచబోయే ప్రతిసారీ ఇది రేపటికి ఉండదని ఆ పెట్టెలోనే, వాడుకరి ఎంచుకున్న భాషలోనే చెప్పండి. దయచేసి దీన్ని విష్‌లిస్ట్ మెట్టు మీద పెట్టవద్దు. వాడుకరి దాచిన పని పోవడం లోపమే."