కడిగేకొద్దీ పెరిగే ఇబ్బంది

విజయవాడ గవర్నర్‌పేటలో గానీ, గుంటూరు బ్రాడీపేటలో గానీ కాస్త పెద్ద మెడికల్ షాపుకు వెళితే కౌంటర్ వెనకాల అద్దాల అరలో గులాబీ, ఊదా రంగు సీసాలు కనిపిస్తాయి. ఇంటిమేట్ వాష్‌లు, అంటే ఆడవాళ్లు జననాంగాలు కడుక్కోవడానికి అమ్మే ద్రవాలు. కొనడానికి వచ్చిన అమ్మాయి పక్కన ఎవరూ లేకుండా చూసుకుని, గొంతు తగ్గించి అడుగుతుంది. షాపు కుర్రాడు పేపర్లో చుట్టి, నల్ల కవర్లో వేసి ఇస్తాడు. ఎందుకు కొంటోందని అడిగేవాళ్లు అక్కడ ఉండరు. చాలాసార్లు ఆమె ఇబ్బంది ఒకటే: తెల్లబట్ట అవుతోంది, అందులో వాసన వస్తోంది.

ఆ సీసాతో ఆమెకు పనిలేదు. పది నిమిషాల పరీక్ష కావాలి. వాసనను మురికి లెక్కన చూడటం వల్ల మన ఆడవాళ్లు డబ్బూ ఆరోగ్యమూ రెండూ పోగొట్టుకుంటున్నారని నా నమ్మకం.

లోపల ఏం జరుగుతుందో ముందు చూద్దాం. ఆరోగ్యంగా ఉన్న యోనిలో లాక్టోబాసిల్లస్ అనే బ్యాక్టీరియా కాపురం ఉంటుంది. పెరుగు తోడుకోవడానికి సాయపడే బ్యాక్టీరియాకు ఇది దగ్గరి చుట్టమే. ఆడవాళ్ల హార్మోన్ ఈస్ట్రోజెన్ ప్రభావంతో యోని గోడల్లో గ్లైకోజెన్ అనే పిండిపదార్థం చేరుతుంది. దాని నుంచి ఈ బ్యాక్టీరియా లాక్టిక్ ఆమ్లం తయారు చేస్తుంది. అందుకే అక్కడి పీహెచ్ (పులుపు, క్షారాల కొలత; అంకె తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ) 3.8 నుంచి 4.5 మధ్య, పుల్లగా ఉంటుంది. ఆ పులుపే చెడ్డ సూక్ష్మజీవులకు కాపలా. మామూలు ఒంటి సబ్బు పీహెచ్ 9, 10 దాకా ఉంటుంది. సబ్బునీళ్లో, డెట్టాల్ కలిపిన నీళ్లో లోపలికి పోసి కడిగితే ముందు పోయేది ఆ కాపలాయే. కొద్దిరోజులకు వాసన మళ్లీ రావచ్చు, ఈసారి ఇంకాస్త ఎక్కువగా. ఆమె ఇంకాస్త గట్టిగా కడుగుతుంది. లోపలి భాగం తనను తాను శుభ్రం చేసుకుంటుంది. బయటి భాగానికి మామూలు నీళ్లు చాలు. లాక్టిక్ ఆమ్లం కలిపామని సీసా మీద రాసి ఉన్నా అది బయట వాడేదే, వాడి తీరాల్సిన అవసరమూ లేదు.

కొంచెం పుల్లటి వాసన ఉండటం సహజం. నెలసరికి, నెలసరికి మధ్య రోజుల్లో కోడిగుడ్డు తెల్లసొనలా సాగే స్రావం రావడమూ సహజమే. పదిహేను, పదహారేళ్ల పిల్లలు దాన్ని చూసి జబ్బేమోనని టెన్షన్ పడుతుంటారు. ఇంట్లో అమ్మ “ఒంట్లో వేడి చేసిందే, సబ్జా నీళ్లు తాగు” అంటుంది. సబ్జా నీళ్లతో నష్టమేమీ లేదు. కానీ నిజంగా ఇన్‌ఫెక్షన్ ఉంటే ఆ సబ్జా నీళ్ల మీద నెలలు గడిచిపోతాయి.

వాసన మారిందంటే ఎక్కువగా కనిపించే కారణం బ్యాక్టీరియల్ వెజినోసిస్. లాక్టోబాసిల్లస్ తగ్గిపోయి గార్డ్‌నెరెల్లా లాంటి వేరే బ్యాక్టీరియా పెరగడం వల్ల వస్తుంది. పల్చగా, బూడిద రంగు కలిసిన తెలుపులో స్రావం, చేపల వాసన. భార్యాభర్తలు కలిశాక ఆ వాసన ఎక్కువవుతుంది, వీర్యానికి క్షారగుణం ఉండటమే కారణం. “నువ్వు శుభ్రంగా ఉండవు” అన్న మాట పడేది సరిగ్గా అప్పుడే. కాండిడా అనే ఫంగస్ వస్తే విపరీతమైన దురద, విరిగిన పెరుగులాంటి స్రావం ఉంటాయి గానీ వాసన పెద్దగా ఉండదు. షుగర్ అదుపులో లేనివాళ్లకు, యాంటీబయాటిక్స్ వాడినవాళ్లకు ఇది తరచూ వస్తుంది. ట్రైకోమోనాస్ అనే పరాన్నజీవి అయితే పసుపు, ఆకుపచ్చ కలిసిన నురగ స్రావం. ఇది లైంగికంగా అంటుకునేది, భర్తకూ మందు పడాల్సిందే.

మూడింటికీ మందు ఒకటే కాదు. మెడికల్ షాపులో అడిగి తెచ్చుకున్న ఫంగస్ మాత్ర బ్యాక్టీరియాను ఏమీ చేయదు. అందుకే పరీక్ష అంటున్నాను. అది చాలా చిన్నది. స్రావాన్ని పీహెచ్ కాగితానికి తాకిస్తే రంగు మారుతుంది, 4.5 దాటిందో లేదో తెలుస్తుంది. ఇంకో చుక్కను గాజు పలక మీద పెట్టి పొటాషియం హైడ్రాక్సైడ్ వేస్తే, వెజినోసిస్ ఉన్నప్పుడు చేపల వాసన గుప్పుమంటుంది. మరో చుక్కను మైక్రోస్కోప్ కింద పెడితే అంచులనిండా బ్యాక్టీరియా అంటుకున్న కణాలు కనిపిస్తాయి. ఈ పద్ధతి 1983 నుంచీ ఉన్నదే. సూర్యారావుపేట నర్సింగ్ హోముల్లో స్కానింగ్ రాసినంత సులువుగా ఇది ఎందుకు రాయరో ఆలోచించాల్సిన విషయం.

ప్రభుత్వం వైపు ఒక మంచి ఏర్పాటు ఉంది. జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ (నాకో) ఆధ్వర్యంలో సుఖవ్యాధులకు వైద్యం చేసే సురక్ష క్లినిక్‌లలో రంగుల ప్యాకెట్లలో మందులు ఉచితంగా ఇస్తారు. తెల్లబట్టకు ఇచ్చేది ఆకుపచ్చ ప్యాకెట్, అందులో వెజినోసిస్‌కు, ట్రైకోమోనాస్‌కు పనిచేసే సెక్నిడజోల్ 2 గ్రాములు, ఫంగస్ మందు ఫ్లుకొనజోల్ 150 మిల్లీగ్రాములు ఉంటాయి. ల్యాబ్ లేని పీహెచ్‌సీలో లక్షణాలు చూసి మందివ్వడానికి ఇది బాగా పనికొస్తుంది. మెడికల్ కాలేజీలున్న విజయవాడ, గుంటూరులో మాత్రం దాంతో సరిపెట్టుకోకూడదు. పైగా సుఖవ్యాధుల విభాగం అని బోర్డున్న గది ముందు ఏ ఇల్లాలు క్యూలో నిలబడుతుంది? ఈ పరీక్ష గైనిక్ ఓపీలోనే, బీపీ చూసినంత మామూలుగా జరగాలి.

భర్తల సంగతి ఇంకొంచెం చెప్పాలి. వెజినోసిస్ తగ్గినట్టే తగ్గి మళ్లీ రావడం చాలామందికి అనుభవమే. 2025 మార్చిలో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో ఆస్ట్రేలియా పరిశోధన ఒకటి వచ్చింది. 164 జంటలను తీసుకుని, సగం జంటల్లో మగవాళ్లకూ వారం రోజులు మెట్రోనిడజోల్ మాత్రలు, పైన రాసుకోవడానికి క్లిండమైసిన్ క్రీమ్ ఇచ్చారు. భార్యకు మాత్రమే మందు పడిన జంటల్లో 12 వారాల్లోపు 63 శాతం మందికి తిరగబెట్టింది. ఇద్దరికీ పడితే 35 శాతానికి తగ్గింది. ఇన్నాళ్లూ ఆమె ఒక్కదాని శుభ్రత మీద తోసిన నింద ఎంత అన్యాయమో దీన్నిబట్టి తెలుస్తుంది. మందు చీటీ రాసేటప్పుడు భర్తనూ పిలిపించమని డాక్టర్ అడగాలి, అతను రావాలి. వెజినోసిస్‌ను వైద్యం లేకుండా వదిలేస్తే గర్భిణులకు నెలలు నిండకుండానే కాన్పయ్యే ప్రమాదం, మిగతావాళ్లకు హెచ్‌ఐవీ లాంటివి సోకే అవకాశం పెరుగుతాయి.

పని చోటు కూడా ఇందులో భాగమే. బీసెంట్ రోడ్డు బట్టల షాపుల్లో పొద్దుటి నుంచి రాత్రి దాకా నిలబడే అమ్మాయిలూ, గుంటూరు మిర్చి యార్డు చుట్టుపక్కల కోల్డ్ స్టోరేజీల దగ్గర తొడిమలు తీసే ఆడవాళ్లూ మే నెల ఎండలో ఎలా ఉంటారో చూడండి. బాత్‌రూమ్ సరిగా ఉండదని నీళ్లు తాగడం మానేస్తారు, దాంతో మూత్రంలో మంట మొదలవుతుంది. నాలుగు నుంచి ఆరు గంటలకు మార్చాల్సిన ప్యాడ్ డ్యూటీ అయ్యేదాకా అలాగే ఉంటుంది. నైలాన్ బట్ట కింద చెమట, తడి. వీళ్లకు కాటన్ వేసుకోండని చెప్పేముందు తలుపుకు గడియ, కుళాయిలో నీళ్లు, మూత ఉన్న చెత్తబుట్ట ఉన్న బాత్‌రూమ్ ఇవ్వడం యజమాని బాధ్యత. కార్పొరేషన్ తనిఖీలో ఇదీ చూడాలి.

యాభై దాటినవాళ్లు ఈ మాట అసలే ఎత్తరు. నెలసరి ఆగాక ఈస్ట్రోజెన్ తగ్గి, పీహెచ్ పెరిగి, లోపల పొడిబారి వాసన మారవచ్చు, దానికి డాక్టర్ రాసే క్రీములున్నాయి. కానీ నెలసరి ఆగిపోయిన ఏడాదికో, ఆ తర్వాతో రక్తపు చార కనిపించినా, దుర్వాసనతో స్రావం వచ్చినా గర్భాశయ క్యాన్సరో, గర్భాశయ ముఖద్వార క్యాన్సరో కాదని డాక్టర్ దగ్గర తేల్చుకోవాల్సిందే. మీ అమ్మనో అత్తనో అడగండి. తనంతట తను చెప్పదు.