డ్యూయల్ బూట్ చేస్తే లాప్‌టాప్ చెడిపోతాదంట... చెడగొడ్తాండేది ఎవురో చూద్దాం

ముందే చెప్తాండా, పెద్ద పోస్ట్ ఇది, ఓపిక లేనోళ్ళు పైకి తోసేసి పోండి. ఈ మధ్య తిరపతిలో ఎవుర్ని కదిలించినా ఒకటే పాట, ఒక సిస్టమ్‌లో విండోసూ, దాని మాదిరే ఇంకో ఓఎస్ అయిన లైనక్సూ రెండూ వేస్తే (అదే డ్యూయల్ బూట్) డిస్క్ పాడైపోతాదంట, ర్యామ్ మీద లోడు పడ్తాదంట, ఇంగొకాయనైతే మదర్‌బోర్డే కాలిపోతాదని చెప్పినాడు. ర్యామ్ మీద లోడు ఎట్ల పడ్తాదప్పా? రెండూ ఒకేసారి నడవవు కదా. ఆన్ చేసినప్పుడు మెనూ వస్తాది, ఏది కావాలంటే అది ఎంచుకుంటాం, ఒకటి నడిచేటప్పుడు రెండోది డిస్క్‌లో గమ్మున పడుంటాది, అది తినేది కొంచెం జాగా అంతే.

నేనేమంటానంటే, డ్యూయల్ బూట్ వల్ల పోయిన డేటా కంటే, అదేందో తెలుసుకోకుండా "ఫార్మాట్ కొట్టేద్దాంలే సార్" అన్నోళ్ళ వల్ల పోయిన డేటానే జాస్తి. లెక్కలు అడగొద్దు, నా కంటికి కనపడింది చెప్తాండా.

ఈ గోల ఇప్పుడే యాల లేచిందంటే, విండోస్ 10కి 2025 అక్టోబర్ 14తో మైక్రోసాఫ్ట్ సపోర్ట్ ఆపేసింది. ఎన్‌రోల్ చేసుకున్నోళ్ళకి 2026 అక్టోబర్ 13 దాకా సెక్యూరిటీ అప్‌డేట్లు ఇస్తామన్నారు, అది వేరే సంగతి. విండోస్ 11కి పోదామంటే టీపీఎం 2.0 (తాళం చెవులు దాచే సెక్యూరిటీ చిప్) కావాల, సెక్యూర్ బూట్ (నమ్మకమైన బూట్‌లోడర్‌నే నడవనిచ్చేది) కావాల, ఇంటెల్ అయితే దాదాపు 8వ జనరేషన్ నుంచే లెక్క. మనూర్లో పిల్లోళ్ళు బీటెక్ చేరేటప్పుడు నాయనలు అప్పు చేసి కొనిచ్చిన 6వ జనరేషన్, 7వ జనరేషన్ ఐ3లు ఐ5లు ఇంకా ఎన్ని ఇండ్లల్లో ఉండాయో. ఒక ఎస్‌ఎస్‌డీ తగిలిస్తే నిక్షేపంగా నడస్తాయి అవి. వాటిని తీసుకోనిపోయి పాత సామాన్లోడికి వేసేయమంటారా? అట్లని విండోస్‌ని పూర్తిగా వదిలేసి లైనక్స్‌కి వచ్చేయండి అని ఉపన్యాసం ఇచ్చే బ్యాచ్ కూడా ఉంది, వాళ్ళతో కూడా నాకు పడదు.

ఎందుకంటే గాంధీరోడ్డు పక్క సందులో మాకు తెలిసినాయన డీటీపీ అంగడి ఉంది. పెండ్లి పత్రికలు, గృహప్రవేశం కార్డులు, ఫ్లెక్సీలు. ఆయన చెయ్యంతా అను ఫాంట్ల మీదనే ఆడతాది, వాడేది పేజీలు కూర్చే సాఫ్ట్‌వేర్ పేజ్‌మేకర్ 7, అది వచ్చింది 2001లో, దాని తర్వాత పెద్ద వర్షన్ ఏదీ రాలా, ఆయన మాత్రం ఇప్పటికీ అందులోనే కొడ్తాడు, మనం ఒక లైను చదివేలోపల పత్రిక కొట్టేస్తాడు. ఆయన్ని పట్టుకోని యూనికోడ్‌కి (అన్ని సిస్టమ్‌లల్లో ఒకే మాదిరి కనపడే తెలుగుకి) మారన్నా, లైనక్స్‌కి మారన్నా అంటే శ్రావణమాసంలో వచ్చే పత్రికలు ఎవురు కొట్టిస్తారు, నేనా? అను ఫాంట్‌లో కొట్టిన తెలుగు లోపల తెలుగే కాదు, ఇంగ్లీష్ అక్షరాల కోడ్‌ల మీద తెలుగు బొమ్మలు కూర్చోబెట్టింది. ఆ ఫాంట్ లేని సిస్టమ్‌లో తెరిస్తే "శ్రీరస్తు శుభమస్తు" కాస్తా పిచ్చి ఇంగ్లీష్ అయి కూర్చుంటాది. ఏండ్ల తరబడి దాచుకున్న డిజైన్లన్నీ అట్లే ఉండాయి ఆయన తావ. కాబట్టి విండోస్ 10 ఆ సిస్టమ్‌లో ఉండి తీరాల్సిందే.

కానీ మెయిలూ అదే సిస్టమ్‌లో, కస్టమర్లు వాట్సాప్‌లో పంపే ఫోటోలూ అదే సిస్టమ్‌లో, కరెంటు బిల్లు కట్టేదీ అందులోనే. అప్‌డేట్లు లేని విండోస్‌ని నెట్‌కి తగిలిచ్చి పెడితే ఎప్పుడో ఒకరోజు తల మీదికి వస్తాది. అందుకని పక్కన లైనక్స్‌లో ఒక రకమైన మింట్ వేసిచ్చినాం. నెట్ పనంతా మింట్‌లో, పత్రిక కొట్టాలంటే విండోస్, విండోస్‌లో నెట్ కట్. ఫోటోలు రెండు పక్కలా కనపడేటట్టు ఒక డ్రైవ్ ఉమ్మడిగా ఉంచినాం. మధ్యలో మారాలంటే రీస్టార్ట్ కొట్టాల, అది విసుగే, కాదన్ను. అంగట్లో డిజైన్ చేసే అమ్మాయి మాత్రం బాణం గుర్తు కిందికి నొక్కి ఎంటర్ కొట్టేది ఒక్క పూటలో పట్టేసింది, కంప్యూటర్ సైన్స్ చదివే పిల్లోళ్ళకే ఇంకా వణుకు.

సరే, ఈ భయం ఊరికే పుట్టింది కూడా కాదు. పాత బయాస్ (ఆన్ చేయంగానే మొదట లేచే సాఫ్ట్‌వేర్) కాలంలో బూట్‌లోడర్, అంటే ఓఎస్‌ని లేపే చిన్న ప్రోగ్రామ్, డిస్క్ మొదటి సెక్టార్‌లో ఉంటాది, జాగా మొత్తం 512 బైట్లు. విండోస్ మళ్ళీ ఇన్‌స్టాల్ చేస్తే అడగా పెట్టకుండా దాని మీద రాసేస్తాది, లైనక్స్ బూట్‌లోడర్ గ్రబ్ పోతాది, లైనక్స్ డిస్క్‌లో భద్రంగా ఉన్నా బూట్ కాదు. ప్రైమరీ పార్టిషన్లు (డిస్క్‌లో చేసే భాగాలు) కూడా నాలుగే, కంపెనీ వాళ్ళే మూడో నాలుగో వాడేసి పంపేవాళ్ళు. 2012లో విండోస్ 8 మెషీన్లు వచ్చినప్పట్నుంచి బయాస్ బదులు వచ్చిన యూఈఎఫ్‌ఐ మామూలైపోయింది, కథ మారిపోయింది. ఇప్పుడు ఈఎఫ్‌ఐ పార్టిషన్ అని ఒక చిన్న ఫ్యాట్32 పార్టిషన్ ఉంటాది, అందులో విండోస్‌కి ఒక ఫోల్డర్, ఉబుంటుకి (ఇదీ ఒక లైనక్స్ రకమే) ఒక ఫోల్డర్. అప్‌డేట్ పడినాక మెనూ రాకుండా నేరుగా విండోస్‌లోకే పోతాంది అంటే చానాసార్లు గ్రబ్ చచ్చిపోయిండదు, బూట్ వరసలో కిందికి దిగుంటాది. ఎఫ్2నో ఎఫ్12నో కొట్టి లోపలికి పోయి ఉబుంటుని పైకి జరిపితే అయిపాయ. మన రిపేర్ అంగళ్ళలో మాత్రం ఇంకా 2009 నడస్తాంది.

మా చిన్నమ్మ కొడుకు కథ చెప్తా. వాడు గేమ్‌కి జాగా చాలక విండోస్ డిస్క్ మేనేజ్‌మెంట్ తెరిచినాడు, పేరు లేని పార్టిషన్ ఒకటి పెద్దది కనపడింది, డిలీట్ కొట్టినాడు. అదే ఉబుంటు. ఆఫ్ చేసి ఆన్ చేస్తే నల్ల స్క్రీన్, పైన మూలలో తెల్లగా "గ్రబ్" అని, పక్కన ఒక గుర్తు, దాని పక్కన కర్సర్ కొట్టుకుంటాంది. ఎందుకట్లా అంటే, గ్రబ్ మొదటి ముక్క ఈఎఫ్‌ఐ పార్టిషన్‌లోనే ఉంది, అది లేచి మెనూ ఫైలు కోసరం ఉబుంటు పార్టిషన్‌కి పోతే అక్కడ ఏమీ లేదు, ఏం చెయ్యాలో చెప్పు సామీ అని నిలబడిపోయింది. విండోస్‌కి గోరంత దెబ్బ తగల్లేదు. బూట్ మెనూలోకి పోయి విండోస్ బూట్ మేనేజర్ ఎంచుకుంటే ఆ నిమిషమే లోపలికి పొయ్యేటోడు.

వీడు లాప్‌టాప్ చంకలో పెట్టుకోని అంగడికి పోయినాడు. ఆయన ఒక్క చూపు చూసి, "ఓఎస్ కరప్ట్ అయిపోయింది తమ్ముడూ, లైనక్స్ వేస్తే ఇంతే, ఫార్మాట్ కొట్టాల" అన్నాడంట. "అన్నా, డేటా?" అంటే "సీ డ్రైవ్ ఒక్కటే కొడ్తాంలే, డీలో ఉండేది ఉంటాది" అన్నాడంట. సాయంత్రం పోయి తెచ్చుకుంటే ఉండేదే ఒక డ్రైవ్. డీ లేదు. వాళ్ళక్క పెండ్లి ఫోటోలు, తిరుచానూరులో కల్యాణ మండపంలో తీసినవి, అన్నీ డీలోనే ఉండె. నాకు ఫోన్ చేసింది అప్పుడు, "అన్నా, ఏదైనా రికవరీ సాఫ్ట్‌వేర్ ఉందా" అని. అది ఎస్‌ఎస్‌డీ రా అబ్బోడా, ఫార్మాట్ కొట్టి ట్రిమ్ (చెరిపేసిన జాగాని ఎస్‌ఎస్‌డీ ఖాళీ చేసుకునేది) పడినాక యాడ్నించి తీస్తాం. మా చిన్నమ్మ ఇప్పటికీ ఏమంటాదో తెలుసా? "ఆ లైనక్స్ గీనక్స్ యాల వేసుకున్యావు రా, దానివల్లే కదా పోయింది" అని. ఫార్మాట్ కొట్టినోడు బాగుండాడు, తిట్లు లైనక్స్ పెంగ్విన్ బొమ్మకి.

అంగడాయన్ని ఒక్కడ్నే అనేది న్యాయం కాదని కూడా తెలుసు. ఫార్మాట్ అంటే ఖాయంగా అయ్యే పని, బూట్ ఎంట్రీ వెతుక్కుంటా కూర్చుంటే కస్టమర్ "ఏం చేసినావని డబ్బులు" అంటాడు. మనమే అట్ల అలవాటు చేసినాం. కానీ లైనక్స్ నేరుగా దాన్నించే నడిచే ఒక లైవ్ పెన్‌డ్రైవ్ పెట్టి బూట్ చేసి, ఫైళ్ళు ఇంకో డిస్క్‌లోకి కాపీ కొట్టి, తర్వాత ఏమన్నా చెయ్యొచ్చు కదా? దానికి పెద్ద చదువు అక్కర్లా. అది కూడా చెయ్యనోడి చేతికి లాప్‌టాప్ ఇయ్యొద్దండి, ఇచ్చే ముందే నోరు తెరిచి అడగండి.

నిజంగా భయపడాల్సింది ఒకటుంది, దాన్ని మాత్రం ఎవురూ చెప్పరు. బిట్‌లాకర్, డిస్క్‌కి తాళం వేసే విండోస్ ఏర్పాటు. విండోస్ 11లో 24హెచ్2 వర్షన్ కొత్తగా ఇన్‌స్టాల్ అయి మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అయితే ఈ తాళమే, డివైస్ ఎన్‌క్రిప్షన్ అనే పేరుతో, చానా మెషీన్లలో దానంతట అదే ఆన్ అయిపోతాది. మనకు తెలీను కూడా తెలీదు. తర్వాత మనం లైనక్స్ కోసరం సెక్యూర్ బూట్ కదిలిస్తే, పొద్దున్నే నీలం స్క్రీన్ వచ్చి 48 అంకెల రికవరీ కీ అడుగుతాది. కీ మామూలుగా మీ మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లోనే ఉంటాది, ఫోన్‌లోంచి చూసుకోవచ్చు. కానీ లాప్‌టాప్ కొన్నప్పుడు అంగట్లోనోడు ఏదో ఒక మెయిల్ ఐడీ పెట్టి సెటప్ చేసిచ్చుంటే, ఆ ఐడీ ఏందో పాస్‌వర్డ్ ఏందో మీకు గుర్తులేకుంటే, అప్పుడు నిజంగానే గోవిందా. లైనక్స్ వెయ్యకపోయినా సరే, ఇయ్యాళే సెట్టింగ్స్‌లో చూసి ఆ 48 అంకెలు నోట్‌బుక్‌లో రాసి పెట్టుకోండి.

విండోస్ వల్ల లైనక్స్‌కి దెబ్బ తగల్లేదా అంటే తగిలింది. 2024 ఆగస్టు అప్‌డేట్‌లో పాత, లోపాలున్న బూట్‌లోడర్లని అడ్డుకోడానికి ఎస్‌బాట్ అనే లిస్టు కొత్తది పంపినారు. డ్యూయల్ బూట్ మెషీన్లకి అది పడదు అన్నారు, కానీ చానావాటిని గుర్తుపట్టలేక వాటికీ పడింది, లైనక్స్ బూట్ కాకుండా ఆగిపోయింది. పూర్తిగా సర్దుబాటు చేసింది 2025 మేలో. దానికి కూడా మందు ఉంది, సెక్యూర్ బూట్ తాత్కాలికంగా ఆపి, లైనక్స్‌లోకి పోయి ఆ ఎస్‌బాట్ పాలసీ తీసేసి, మళ్ళీ ఆన్ చేసేది. అప్పుడు కూడా మనూర్లో ఫార్మాట్లు పడినాయనుకోండి, చెప్పాల్నా.

చిన్నచిన్న తలనొప్పులు కూడా ఉండాయి. విండోస్‌లో షట్‌డౌన్ కొడితే అది పూర్తిగా ఆగదు, ఫాస్ట్ స్టార్టప్ అని సగం హైబర్నేట్ అయి ఉంటాది, అందుకే లైనక్స్‌లో డీ డ్రైవ్ తెరిస్తే చదవనిస్తాది గానీ రాయనియ్యదు. కంట్రోల్ ప్యానెల్ పవర్ ఆప్షన్స్‌లో ఆ టిక్కు తీసేస్తే సరి. ఇంగ టైమ్ గోల. మదర్‌బోర్డ్ గడియారంలో ఉండేది మన టైమ్ అని విండోస్ అనుకుంటాది, యూటీసీ (ప్రపంచ ప్రామాణిక టైమ్) అని లైనక్స్ అనుకుంటాది, లైనక్స్‌లోంచి విండోస్‌కి వస్తే సరిగ్గా 5 గంటల 30 నిమిషాలు వెనక చూపిస్తాది. 300 రూపాయల దర్శనం టికెట్లు పొద్దున పదికి వదుల్తారని సిస్టమ్ ముందర కూర్చున్నోడికి గడియారం 4:30 చూపిస్తే ఏమైతాదో ఊహించుకోండి, మళ్ళీ నెల దాకా ఎదురుచూపే. లైనక్స్‌లో లోకల్ టైమ్ వాడమని ఒక్క లైను కమాండ్ కొడితే తీరిపోతాది ఆ బాధ.

నన్నడిగితే, వీలుంటే రెండింటికీ రెండు డిస్క్‌లు పెట్టేయండి. కొండకి పైకి పొయ్యే ఘాట్ రోడ్డు వేరే, దిగేది వేరే అయినట్టు, ఎదురుపడే పనే ఉండదు. డెస్క్‌టాప్‌లో అయితే డిస్క్ తగిలించే సాటా పోర్టు ఎట్లైనా ఉంటాది, చానా లాప్‌టాప్‌ల్లో కూడా ఎం.2 స్లాట్ ఒకటి ఖాళీగానో, 2.5 ఇంచుల డిస్క్‌కి జాగానో ఉంటాది, పాత వాటిలో డీవీడీ డ్రైవ్ తీసేసి ఆ జాగాలో డిస్క్ కూర్చోబెట్టే క్యాడీ పెట్టొచ్చు. లైనక్స్ వేసేటప్పుడు విండోస్ డిస్క్ కేబుల్ పీకేసి వేస్తే దాని బూట్‌లోడర్ దాని డిస్క్‌లోనే పడ్తాది. ఒకటే డిస్క్ అయితే మాత్రం విండోస్‌ని విండోస్‌లోంచే, డిస్క్ మేనేజ్‌మెంట్‌లోనే కుదించండి, అంతకుముందు ఫోటోలు బయటి హార్డ్‌డిస్క్‌లోకి కాపీ చేసుకోండి. ఇన్‌స్టాలర్‌లో "ఎరేజ్ డిస్క్" అని ఒక లైను ఉంటాది, ఫోన్‌లో మాట్లాడుకుంటా దాని మీద క్లిక్ కొట్టొద్దు సామీ, కాళ్ళు పట్టుకుంటా.

ఇంత చెప్పి ఇది కూడా చెప్పాల, అడిగేవాళ్ళలో సగం మందికి డ్యూయల్ బూట్ అవసరమే లేదు. ల్యాబ్‌లో సీ ప్రోగ్రామ్‌లు, పైథాన్, నాలుగు షెల్ కమాండ్‌లు నేర్చుకునేదానికి విండోస్‌లోనే డబ్ల్యూఎస్‌ఎల్ (విండోస్ లోపలే లైనక్స్ నడిపించేది) పెట్టుకుంటే చాలు, రీస్టార్ట్ పని లేదు, పార్టిషన్ పని లేదు. మెషీన్ పాతదై విండోస్ కిందా మీదా పడ్తాంటేనో, డీటీపీ అన్న మాదిరి రెండూ తప్పకపోతేనో, లైనక్స్ లోపల ఎట్లుంటాదో నిజంగా చూడాలనుంటేనో అప్పుడు పెట్టుకోండి.

ఏ లైనక్స్ వెయ్యాల అని మళ్ళీ ఇన్‌బాక్స్‌లోకి రావొద్దు, ఇక్కడే చెప్తాండా. 8 జీబీ ర్యామ్ ఉంటే ఉబుంటు 24.04 గానీ మింట్ 22 గానీ, అప్‌డేట్లు 2029 దాకా వస్తాయి. 4 జీబీ అయితే మింట్‌లోనే తేలికైన ఎక్స్‌ఎఫ్‌సీఈ రకం. హాస్టల్‌లో మీకొక సీనియర్ ఉంటాడు, అన్నీ చేత్తో పెట్టుకోవాల్సిన ఆర్చ్ లైనక్స్ వెయ్యి రా, ఆర్చ్ వేస్తేనే మగోడివి అంటాడు. వాడి బ్యాక్‌లాగ్‌లు ఎన్నో కనుక్కోని అప్పుడు వేసుకోండి.